కూర్చోరాని కుర్చీలు

అప్పట్లో మా ఊళ్లో నిశ్శబ్దం దొరికే చోటు ఒక్కటే ఉండేది: గ్రంథాలయం. మిగతా ఊరంతా సాంచాలే. సాంచాలంటే మరమగ్గాలు. వాటి చప్పుడుకి మా వాడలో పుట్టిన పిల్లలు ఏడవడం కూడా మానుకున్నారు, ఎలాగూ ఎవరికీ వినబడదని. మా ఇంట్లో నాకు ఆకలేస్తే చెయ్యి ఊపేవాణ్ని, అవ్వ బదులుగా గరిటె ఊపేది. అలాంటి ఇంట్లో కూర్చుని నేను ఉద్యోగ పరీక్షకు చదవాలి. చదివిన ప్రతి ముక్కనూ సాంచా మింగేసేది. కాబట్టి నా ఉద్యోగం, ఆ తర్వాత నా పెళ్లి (ఉద్యోగం లేనివాడికి పిల్లనెవరిస్తారు?), మొత్తంగా నా వంశం ఆ గ్రంథాలయం హాలు మీదే ఆధారపడి ఉన్నాయి. ఆ హాల్లోనేమో ఉన్నది ఒకే బెంచీ. దానికి మూడు కాళ్లే, నాలుగో కాలు మేమే వంతులవారీగా. పెద్దాఫీసు నుంచి ఒక సారు వచ్చి ఇది చూసి, కూర్చునే దిక్కులేని చోట ఎవరు చదువుతారు, హాలును నూలు గోదాముకు ఇచ్చేద్దామన్నాడు. వచ్చే నెల మళ్లీ వస్తానని, అప్పటికి జనం బుద్ధిగా కూర్చుని చదువుతూ కనబడకపోతే తాళమేనని చెప్పిపోయాడు.

నాకు ఒళ్లు మండింది. చదువుకునే మరికొందరికీ మండింది. అందరం కలిసి గ్రంథాలయాన్ని కాపాడే బృందం ఒకటి పెట్టుకుని, మైకు మామను అధ్యక్షుణ్ని చేశాం. (పక్కనున్న మనిషితో మాట్లాడినా ఊరవతలికి వినబడేది, అందుకే ఆ పేరు. సాంచాల ఊళ్లో అధ్యక్షుడికి అంతకన్నా అర్హత ఏం కావాలి?) ఇంటికో కుర్చీ ఇవ్వండని వాడవాడా తిరిగాం. చాయ్ పోసినవాళ్లున్నారు, మా చదువుల గురించి జాలిపడినవాళ్లున్నారు, కుర్చీ ఊసెత్తినవాళ్లు లేరు. చివరికి మామ చౌరస్తాలో నిలబడి, కుర్చీ ఇచ్చినవాళ్ల ఇంటి పెద్దల పేరు దానిమీద రంగుతో రాయిస్తామని ప్రకటించాడు. అంతే. మర్నాటి నుంచి ఇనుప కుర్చీలు వరద వచ్చినట్టు వచ్చాయి. సెలవు మీద ఇంటికొచ్చిన దుబాయ్ అన్న చనిపోయిన తండ్రి జ్ఞాపకార్థం అన్నిటికన్నా బరువైనది ఇచ్చాడు. దాన్ని దింపడానికి నలుగురం పట్టాం, రెండు రోజులు నడుములు పట్టాయి.

అయితే పేర్లు చిన్నవి కావు. పోయినవారి పేరు ఒక్కటే రాస్తే సరిపోతుందా? కొడుకులు, కోడళ్లు, మనుమలు, ఇంకా పుట్టబోయేవాళ్లు. కుర్చీ వీపున ఉన్నదేమో అరచేతి వెడల్పు రేకు. రంగులేసే అన్న కుర్చీని అటూ ఇటూ తిప్పి చూసి, వీపుకు జాగ లేదు, కూసునే కాడ మస్తు జాగ ఉందన్నాడు. భేష్ అన్నాం అందరం. అందులో నా గొంతే పెద్దది.

రంగు ఆరాక, పుస్తకం తెరిచి, బతుకులో మొదటిసారి వీపు ఆనించి కూర్చున్నాను. ఒక పేజీ తిప్పానో లేదో, దుబాయ్ అన్న వచ్చి నా ముందు నిలబడ్డాడు.

"లే తమ్మీ."

"ఎందుకన్నా?"

"ఎవ్వరి మీద కూసున్నవో ఎరుకేనా? మా బాపు."

"మరి కూసునేటందుకే గద ఇచ్చినవ్?"

"కూసునేటందుకే ఇచ్చిన. మా బాపు మీద గాదు. కాలు తాకితే కాయితాన్ని సుత కండ్లకద్దుకుంటం గదరా మనం?"

సాయంత్రానికి ఈ సంగతి ప్రతి ఇంటికీ పాకింది. వచ్చినవాళ్లు వచ్చినట్టు తమ తమ పెద్దల మీద నుంచి జనాన్ని లేపారు. ఒకాయన కుర్చీకి బొట్టుపెట్టాడు. ఇంకొకరు కొండగట్టు గుడికి పోయివస్తూ దండ తెచ్చి వేశారు. పేర్లు చెరిపేద్దామంటే మమ్మల్నే చెరిపేస్తామన్నారు. చెప్పండి, ఇదెక్కడి న్యాయం? కుర్చీలు కొండలా ఉన్నాయి, మేము మాత్రం నేల మీద! ఇంతకుముందు మూడు కాళ్ల బెంచీ అయినా ఉండేది, కుర్చీలు పట్టక దాన్నీ బయట పడేశాం.

సారు రానే వచ్చాడు. హాల్లో వరుసగా బొట్లు, దండలతో కుర్చీలు, వాటి ముందు కింద చేతులు కట్టుకుని మేము. ఇక్కడేమైనా పూజ జరుగుతోందా అని అడిగాడు. మైకు మామ పుట్టిన తర్వాత మొదటిసారి గుసగుసగా "లేదు సార్" అన్నాడు. గోదాము తాళం చెవి నా కళ్లముందు వేలాడింది.

సరిగ్గా అప్పుడే దుబాయ్ అన్న తల్లి వచ్చింది, పెనిమిటి పేరు ఎలా రాశారో చూద్దామని. చదువు రాదు కాబట్టి, ఆ పేరెక్కడుందని నన్ను అడిగింది. చూపించాను. అక్షరాల మీద చెయ్యి పెట్టి మెల్లగా తడిమింది. తర్వాత వెనక్కి తిరిగి, కొంగు సర్దుకుని, ఆ కుర్చీలో నిండుగా కూర్చుంది.

"అవ్వా, లే. బాపు పేరుంది" అన్నాడు కొడుకు.

"ఉండనీ. బతికున్నన్ని రోజులు ఒక్క గడియ నన్ను కూసోనియ్యలే. నూలు కండెలు సుట్టు, నీళ్లు తే, బువ్వ పెట్టు అనుడే. ఇయ్యాలన్న కూసోనియ్యి." మా వైపు తిరిగింది. "మీరేందిరా కిందున్నరు? కూసోండ్రి. ఆయనకేం బరువు గాదు."

కొడుకు పక్కకు జరిగాడు. ముందు నేను కూర్చున్నాను, తర్వాత అందరూ. సారు కూడా అలసిపోయి ఎవరో తాతగారి మీద కూర్చుని చాలాసేపు పేపరు తిరగేశాడు. తాళం మాట మళ్లీ ఎత్తలేదు.

నాకు ఉద్యోగం ఆదిలాబాద్‌లో వచ్చింది. ఈ మధ్య మా ఊరి కొత్త పిల్లలు ఫోన్ చేసి, పాత కుర్చీలు తుప్పుపట్టాయి, ఒకటివ్వండి సార్ అన్నారు. పోయిన మా బాపు పేరిట ఇచ్చాను. పేరొక్కటే రాయండి, అదీ వీపునే రాయండని గట్టిగా చెప్పాను. పోయిన వారం చూడ్డానికి వెళ్లాను. పరీక్షకు చదువుకునే అమ్మాయి ఒకతె అందులో కాళ్లు మడుచుకుని, బాపు పేరుకు పూర్తిగా ఆనుకుని కూర్చుంది. పైగా ఆయన పేరు కనబడకుండా సంచీ తగిలించింది. నాకు అరికాలి నుంచి నడినెత్తికి మంట లేచింది. "బిడ్డా, జర..." అన్నాను.

ఆ అమ్మాయి తలెత్తి, "కూసుంటరా సార్?" అని గబుక్కున లేచింది.

బతుకంతా సాంచా ముందు నిలబడ్డ మనిషి మా బాపు. ఆయన కుర్చీలో కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. "వద్దు బిడ్డా, నువ్వు కూసో" అన్నాను. ఆ పక్కనే నిలబడి పేపరు చదువుకున్నాను. కానీ ఆ సంచీ? దాన్ని తీసి కింద పెట్టమని చెప్పాల్సింది. ఇప్పటికీ నాలుక దురద పెడుతూనే ఉంది.