అత్తమ్మ కూర్చున్న చప్పుడు

ఆరేళ్ల కిందట, వానాకాలం నాట్లు మొదలయ్యే ముందు, నన్ను మిర్యాలగూడకు వేశారు. హోదా సీనియర్ మెటలర్జిస్టు. బాధ్యత ప్రయోగ కేంద్రం ఇన్‌చార్జి. కేంద్రమంటే పెద్దదేమీ కాదు. వేములపల్లి వైపు పోయే రోడ్డు మీద మూతపడిన ఒక రైస్ మిల్లును మా సంస్థ కిరాయికి తీసుకుంది. వడ్లు ఆరబోసిన సిమెంటు కళ్లంలో ఖనిజపు రాయి కుప్పలు పోశాం. బాయిలర్ ఉన్న చోట యంత్రం బిగించాం. మాది సూర్యాపేట దగ్గర చివ్వెంల. ఇంటికి దగ్గరగా వచ్చానని అప్పుడు సంతోషపడ్డాను.

రెండేళ్ల కిందట, యాభై రెండో ఏట, స్వచ్ఛంద విరమణ తీసుకున్నాను. నేను ఇన్‌చార్జిగా ఉండగా ఆ కేంద్రంలో యాదయ్య అనే ఆపరేటర్ చనిపోయాడు. అతని మరణం గురించి అధికారిక నివేదికలో ఉన్నది నేను రాసి ఇచ్చిన మాట. అది అబద్ధం. జరిగింది ఇది.

కొన్ని ఖనిజాలు మొండివి. మనకు కావలసిన లోహపు రేణువులు పనికిరాని రాయిలో అల్లుకుపోయి ఉంటాయి. మామూలుగా రాయిని క్రషర్‌లో పగలగొట్టి, ఇనుప గుండ్లు తిరిగే బాల్ మిల్లులో పిండి చేస్తారు. దానికి కరెంటు విపరీతంగా కాలుతుంది. కావలసిన రేణువు కూడా నలిగి బురదలో కొట్టుకుపోతుంది. మా పద్ధతిలో రాయిని నీళ్ల తొట్టిలో రెండు ఎలక్ట్రోడ్ల మధ్య ఉంచి, రెప్పపాటులో వెయ్యో వంతు కూడా లేని వ్యవధిలో, లక్షల వోల్టుల దెబ్బ కొడతాం. దాన్ని పల్స్ అంటాం. అంత తక్కువ వ్యవధిలో విద్యుత్తు నీళ్లను వదిలి రాయి లోపలి నుంచే దారి చేసుకుంటుంది. రెండు ఖనిజాలు కలిసిన అతుకు దగ్గర రాయి విచ్చుకుంటుంది. రేణువు నలగకుండా బయటికి వస్తుంది.

ఆ దెబ్బకు కావలసిన శక్తిని కెపాసిటర్ల వరసలో నింపుతాం. ఆ వరసకు బ్యాంకు అని పేరు. దానికీ తొట్టికీ కలిపి చుట్టూ ఇనుప జాలీ గది, ఆ గదికొక గేటు. మెయిన్ ఆపినా, ఊళ్లో కరెంటు పోయినా, బ్యాంకులో నిండిన చార్జి అలాగే ఉంటుంది. అందుకే గేటు దాటే ముందు మూడు పనులు తప్పనిసరి. మొదటిది డంప్ స్విచ్ పడిందని తెలుసుకోవడం. అది ఒక బరువైన రాగి చెయ్యి. కరెంటు ఉన్నంతసేపూ అయస్కాంతం దాన్ని పైకి పట్టుకుని ఉంటుంది. కరెంటు ఆగగానే తన బరువుకే కిందపడి, టక్కుమని బ్యాంకు మీద కూర్చుని, చార్జినంతా భూమిలోకి దింపేస్తుంది. రెండోది మీటరు సున్నా చూపడం. మూడోది ఎర్త్ రాడ్. పొడుగాటి ఫైబర్ కర్రకు రాగి కొక్కెం ఉంటుంది. గేటు బయట నిలబడే దాన్ని బ్యాంకుకు తగిలించాలి.

యాదయ్య సొంతూరు మోతె. మా దగ్గరికి రాకముందు పదిహేనేళ్లు రైస్ మిల్లుల్లో మోటార్లు చూశాడు. చదువు పదో తరగతి. చెవి మాత్రం చాలా చురుకైంది. బేరింగు పోతోందని రెండు రోజుల ముందే శబ్దాన్ని బట్టి చెప్పేవాడు. డంప్ స్విచ్‌కు అత్తమ్మ అని పేరు పెట్టింది అతనే. టక్కుమని వినపడ్డాక నా వైపు తిరిగి, "అత్తమ్మ కూసున్నది సార్. ఇగ అల్లుడు లోపటికి పోవచ్చు" అనేవాడు. అతని భార్య సుజాతది కోదాడ. "మా అత్త కూసోకముందు నేను కూసుంటే ఆ పూట నాకు బువ్వ లేదు సార్" అని నవ్వేవాడు. నిజానికి ఆ అత్త అతన్ని కొడుకులా చూసుకునేదని నాకు తెలుసు. పండక్కి ఆమె చేసి పంపిన అరిసెలు నేనూ తిన్నాను. కేంద్రంలో ఈ పేరు మా ఇద్దరి మధ్యే ఉండేది, బయట సుజాతకు మాత్రం తెలుసు. రాయి మోసే కూలీలు వారానికో జట్టు మారేవారు కాబట్టి వాళ్లకు తెలియదు.

నాట్లు మొదలయ్యాయి. చుట్టుపక్కల పొలాల్లో మోటార్లన్నీ ఒక్కసారిగా నడిచేసరికి మాకు కరెంటు ఇచ్చే ఫీడర్ లైనులో వోల్టేజీ పడిపోవడం, కరెంటు రెప్పపాటు పోయి రావడం మామూలైంది. పోయిన ప్రతిసారీ అత్తమ్మ కూర్చునేది. అది చేయవలసిన పని అదే. కానీ మళ్లీ లేపి, బ్యాంకు నింపి, పల్సుల లెక్క మొదటి నుంచి మొదలుపెట్టాలి. సగంలో ఆగిన రాయి నమూనా పనికిరాదు. పై అధికారులు వచ్చి చూసే రోజు దగ్గర పడుతోంది. నా చేతిలో పూర్తయిన నమూనా ఒక్కటీ లేదు.

ఒక సాయంత్రం యాదయ్య ఇంటికి వెళ్లాక రాగి చేతిని పైనే ఉంచి బైండింగ్ వైరుతో ఫ్రేముకు కట్టేశాను. నమూనాలు అయ్యేదాకా అనుకున్నాను. అతనికి చెప్పలేదు. చెబితే ఒప్పుకోడని తెలుసు. అంతకు వారం ముందు ఇంకో పని కూడా చేయించాను. గేటు బయట రాడ్ వేలాడే చోట రాళ్ల ట్రాలీ తగులుతోందని, రాడ్‌ను జాలీ గది లోపల, బ్యాంకు అవతలి గోడకు మార్పించాను. అప్పుడే యాదయ్య, "లోపటికి పోనీకి కావాల్సింది లోపట్నే పెడ్తె ఎట్ల సార్" అన్నాడు. పని అయ్యాక మళ్లీ బయటికి తెద్దామన్నాను.

మరుసటి రోజు మధ్యాహ్నం నమూనా మధ్యలో కరెంటు పోయింది. ఈసారి వెంటనే రాలేదు. తొట్టిలో రాయి ఇరుక్కుందేమో చూడాలి. యాదయ్య గేటు దగ్గర నిలబడి తల పక్కకు వంచాడు.

"అత్తమ్మ కూసున్న సప్పుడు రాలే సార్."

నేను బల్ల దగ్గర కాగితాలు చూస్తున్నాను. తలెత్తకుండానే, "కరెంటే లేదు, ఇంకేం చప్పుడొస్తదయ్యా" అన్నాను. అయస్కాంతం వదిలేస్తేనే చెయ్యి పడుతుంది. అంటే కరెంటు పోయినప్పుడే చప్పుడు రావాలి. నాకంటే బాగా తెలిసినవాళ్లు ఆ షెడ్డులో లేరు. అయినా బావి దగ్గర మోటారు ఆగితే రైతు అనే మాటే నా నోట వచ్చింది.

"మీటరు గూడ సీకటైంది. రాడ్ పెట్టి సూస్త" అన్నాడు.

మీటరు కూడా అదే లైను మీద నడుస్తుంది. ఆరిపోయిన మీటరు సున్నా చూపినట్టు కాదు. "జల్ది కానియ్" అన్నాను. రాడ్ కోసం అతను లోపలికి వెళ్లాడు. బ్యాంకుకు మూరెడు దూరంలో నుంచి చెయ్యి చాపితేగాని అది అందదు. తుపాకి పేలినట్టు ఒక్క శబ్దం వచ్చింది.

అతను నేల మీద పడేసరికే ప్రాణం లేదు. బ్యాంకు చార్జి అతని గుండా దిగిపోయింది కాబట్టి కూలీలు లోపలికి వచ్చి అతన్ని కళ్లంలోకి మోసుకెళ్లగలిగారు. వాళ్లు దవాఖానకు ఆటో పిలుస్తుండగా నేను కటింగ్ ప్లయరు తీసుకుని బైండింగ్ వైరు తెంపాను. రాగి చెయ్యి కిందపడి టక్కుమంది. రాడ్ తీసి గేటు బయట పాత మేకుకు తగిలించాను. వైరు ముక్క జేబులో పెట్టుకున్నాను.

మూడో రోజు విద్యుత్ తనిఖీ అధికారి విచారణకు వచ్చారు. స్విచ్ సరిగ్గానే ఉంది. రాడ్ దాని చోటులోనే ఉంది. ఇక మిగిలింది మనిషి తప్పే. సుజాతను కూడా పిలిచారు. ఆమె ఏడవలేదు. అధికారి ముందు కూర్చుని ఒక్కటే అడిగింది.

"అత్తమ్మ కూర్చోకుండా ఆయన లోపలికి అడుగెయ్యరండీ. ఆ రోజు కూర్చుందా, లేదా? సారుకి తెలుసు, సారుని అడగండి."

అధికారికి అర్థం కాలేదు. ఇంట్లో అత్తగారితో ఏమైనా గొడవా అని మెల్లగా నన్ను అడిగారు. ఆమె కాక ఆ గదిలో ఆ మాటకు అర్థం తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఉండే ఉంటుందండీ, ఈ మధ్య పరధ్యానంగా ఉండేవాడు అన్నాను. సుజాత నా ముఖం వైపు చూసి లేచి వెళ్లిపోయింది. తర్వాత నేను ఇచ్చిన వాంగ్మూలంలో, కుటుంబ కలహాల వల్ల పరధ్యానంలో ఉండి, డిశ్చార్జి అయిందో లేదో చూసుకోకుండా, ఎర్త్ రాడ్ వాడకుండా ఆపరేటర్ లోపలికి ప్రవేశించాడు అని రాసి సంతకం చేశాను. నివేదికలోకి అదే వాక్యం ఎక్కింది.

నమూనాలు బాగా వచ్చాయి. ఆ పద్ధతి పనికొస్తుందని తేలింది. నన్ను వేరే చోటికి పంపి, కొత్త ఆపరేటర్లకు భద్రతా తరగతులు చెప్పమన్నారు. నాలుగేళ్లు చెప్పాను. ప్రతి తరగతిలోనూ ఆ నివేదిక చదివి వినిపించడం పద్ధతి. చదివాను.

ఆ కాగితం మోతెకు కూడా చేరిందని నాకు ఆలస్యంగా తెలిసింది. కోదాడ అత్త సతాయించబట్టే తమ్ముని మనసు మనసుల లేదని యాదయ్య అన్నలు నమ్మారు. దినం రోజు ఆమెను గుమ్మం దగ్గరే ఆపేశారట. ఆ తర్వాత సుజాతతో కూడా రాకపోకలు తెంచుకున్నారు. సూర్యాపేట బస్టాండులో కనిపించిన పాత కూలీ మేస్త్రీ ఒకడు ఈ సంగతి చెప్పి, "ముసలిదాని నోరు మంచిది గాదంట గద సార్" అన్నాడు. ఆ మాట ఎవరు పుట్టించారో అతనికి తెలియదు.

మొన్న వేసవిలో పూర్తి వాంగ్మూలం కొత్తగా రాసి, వైరు ముక్కతో సహా తనిఖీ శాఖకు ఇచ్చాను. రసీదు ఇచ్చారు. ఇంకా జవాబు రాలేదు. దాని నకలు తీసుకుని కోదాడ వెళ్లాను. సుజాత అక్కడ ఒక బడిలో వంట చేస్తోంది. నన్ను గుర్తుపట్టి కూడా లోపలికి రమ్మనలేదు. అరుగు మీదే నిలబడి కాగితం మొత్తం తల్లికి వినపడేలా చదివింది. చదివాక, "చప్పుడు రాలేదని ఆయన మీతో అన్నారా?" అంది. అన్నాడని చెప్పాను. ఆమె కాగితం మడిచి నాకు తిరిగి ఇచ్చింది.

తల్లి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. "నువ్వు కట్టేసింది ఒక అత్తమ్మని. నేరం మోపింది ఇంకో అత్తమ్మ మీద. అంతేనా నాయనా?" అంది.

అంతేనమ్మా అన్నాను.

"మరి ఇక్కడెందుకు చదివించావు? మాకు తెలియంది ఏముంది ఇందులో? మోతె తీసుకెళ్లు. ఆళ్ల గుమ్మంలో నిలబడి నువ్వే చదువు."

ఆ మర్నాడే మోతె బస్సెక్కాను. యాదయ్య పెద్దన్న గుమ్మంలో, నలుగురు చుట్టూ చేరి వింటుండగా, మొత్తం చదివాను. అయిపోయాక పెద్దన్న, "కోదాడకు ఏ మొఖం పెట్టుకోని పోవాలె మేము" అన్నాడు. నా వైపు చూడకుండానే ఆ కాగితం అడిగి తీసుకున్నాడు.

ఈ పనిలో ఉన్నవాళ్లకు, రాబోయేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. కరెంటు పోవడం వేరు, చార్జి పోవడం వేరు. రాడ్ ఎప్పుడూ గేటు బయటే ఉండాలి. దానంతటది పడే స్విచ్‌ను ఏ కారణంతోనూ కట్టకూడదు. చప్పుడు రాలేదని ఒక మనిషి అంటే, వచ్చేదాకా పని ఆగాలి. ఇవన్నీ ఆ మధ్యాహ్నానికి ముందే నాకు తెలుసు.