తోటను మింగింది ఉరుము కాదు

మా ఇంటికి ఏ చుట్టం వచ్చినా ఒక ముచ్చట తప్పకుండ నడుస్తది. "మా అమ్మ ఉరుముకు భయపడి ప్లగ్గు పీకింది, టీవీల ఉన్న ద్రాక్షతోట మొత్తం మాయమైంది" అని మా ఆయన మొదలువెడ్తడు. మా మరిది అందుకుంటడు: "అసలు తోట మేం అమ్మితిమి, టీవీల తోట అమ్మ మింగె." అందరు నవ్వుతరు. మా అత్తమ్మ బతికున్నన్ని రోజులు ఆమె కూడా వాళ్లతోటి నవ్వింది. ఆమె దశదినకర్మ నాడు బంతిల కూర వడ్డించుకుంట ఇదే ముచ్చట మళ్లొకసారి విన్న. ఏడ్చి అలిసినోళ్లకు కొంచెం నవ్వు దొరికింది. నా చేతిల గరిటె ఆగింది. మళ్ల నడిచింది.

ఆ ముచ్చట తప్పు. ప్లగ్గు పీకింది అత్తమ్మనే, అంతవరకు నిజం. తోట పోయింది దానివల్ల కాదు. తుడిచేసింది నేను.

ఈ రెండు ముక్కలు ఇన్నేండ్లు నోట్ల పెట్టుకొని తిరిగిన. నన్ను ఎరిగినోళ్లు నమ్మరు. నా నోట్ల ఏదీ ఆగదని పేరు. ఆపు లేని చోట దించమని బస్సు కండక్టర్‌తోటి, పార్కు గేటుకు తాళమెందుకని కాలనీ ప్రెసిడెంట్‌తోటి, పెండ్లిచూపుల నాడు "డిగ్రీ చదివిన పిల్ల వంట చేస్తదా" అన్న మా మామతోటి కూడా వాదించిన దాన్ని. అన్ని మాటలు ఆడిన నోటికి ఈ ఒక్క మాట ఎందుకు రాలేదు? భయమా? భయపడేదాన్ని కాదే. మరి?

మొదటినుంచి చెప్తె గాని నాకే అర్థం కాదు.

మాది శామీర్‌పేట దిక్కు. కింద మేము, అత్తమ్మ. పైన మా మరిది, తోడికోడలు సుజాత. సుజాత తుర్కపల్లిల ఒక మందుల ల్యాబ్‌ల పనిచేస్తది. పొద్దున క్యాబ్ వస్తది, సాయంత్రం దించుతది. ఆమె తక్కువ మాట్లాడుతది, నేను ఎక్కువ. ట్యాంకుల నీళ్లు ఎవరు ఒడగొట్టిండ్రనే కాడినుంచి దండెం మీద ఎవరి బట్టలు ముందు ఆరెయ్యాలనే దాకా మాకు పడేది కాదు. వాటి కింద ఉన్న అసలు సంగతి వేరే. మా మామ పెట్టిన ద్రాక్షతోట. ఒకప్పుడు ఈ దిక్కంత అవే తోటలు. మామ పోయినంక తోట పంచుకున్నరు. రోడ్డు వైపు మూల మా వాటా. అందరికంటె ముందు అమ్మింది మేమే. మా మూల పోయినంక లోపలికి బాట లేకపాయె, ఇగ మరిది కూడా అమ్ముకోక తప్పలేదు. ఇప్పుడక్కడ ప్లాట్లు, రంగులేసిన హద్దురాళ్లు. "మీ వల్లనే" అని సుజాత ఒక్కనాడూ అనలేదు. అంటె జవాబు చెప్పెటోళ్లం. అనని మాటకు ఏం జవాబు చెప్తం?

సుజాత బిడ్డ దుండిగల్ దిక్కు ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్‌కు పోయింది. పెద్ద టీవీ కిందనే ఉండె కాబట్టి ఆ పిల్ల గేమ్ బాక్స్ మా హాల్లనే ఉండిపోయింది. ఒక ఆదివారం సుజాత దుమ్ము దులుపుకుంట ఊకెనే ఆన్ చేసింది. "నలభై దాటినోళ్లం, సిగ్గులేదా" అంటనే నేను రెండో రిమోట్ అందుకున్న.

ఆ ఆట గురించి చెప్పాలె, లేకుంటె నేను చేసిన పని ఎంతదో మీకు తెల్వదు. తెర మీద చిన్న చిన్న మట్టి బొమ్మలు. ఉరుకుతయి, దుంకుతయి, తాళ్లు పట్టుకొని ఊగుతయి. ఒక్కరు ముందుకు ఉరికితె లాభం లేదు. వెనుకున్నోళ్లు తెర దాటిపోతె అందరూ మొదటికొస్తరు. ఎత్తు గోడొస్తె ఒకరు ఒంగాలె, ఇంకొకరు వీపెక్కాలె. దండెం కాడ ఒకరి మొఖం ఒకరు చూడని ఇద్దరం, ఆ తెర మీద చేతులు పట్టుకొని గుంతలు దాటినం. పడితె నవ్వినం. సుజాత అంత పెద్దగ నవ్వుతదని నాకు అప్పుడే తెలిసింది. "అక్కా, ఆగు, నేను రాలే! అక్కా, దుంకకు!" అని అరిచేది. నేను దుంకేది. ఇద్దరం చచ్చేది.

ఆ ఆటల ఇంకొక సంగతున్నది. మన స్టేజీ మనమే కట్టుకోవచ్చు. రాళ్లు, కట్టెలు, చక్రాలు, తాళ్లు అన్నీ వాళ్లే ఇస్తరు, ఎక్కడ ఏది పెట్టాలో మన ఇష్టం. సుజాత సెలవు దినాలల్ల కూసొని మా ద్రాక్షతోట కట్టుడు మొదలుపెట్టింది. రాతి కడీలు నాటింది, వాటి మీద తీగెలు లాగింది. తీగెల మీద నడవచ్చు, కింద వేలాడుకుంట పోవచ్చు, గుత్తి అందుకుంటె పాయింట్. అత్తమ్మ చాప మీద కూసొని వంకలు పెట్టేది.

"ఏందే గిది, ఆకులు గంత పచ్చగుంటయా? మైలుతుత్తం మందు కొడితె నీలమెక్కయా?"

సుజాత ఆకులకు నీలం పూసేది.

"పందిరి గంత ఎత్తుంటె కాయ ఎవలు కోస్తరు, మీ తాత కోస్తడా? దించు."

దించేది.

అట్ల ఆమె చెప్పుకుంట, ఈమె కట్టుకుంట, తోట లేచింది. ఒకనాడు సుజాత మూడో రిమోట్ తీసి అత్తమ్మ చేతిల పెట్టింది. తోటకు పిట్టలు కావాలె కదా. గోరింకలు గుంపుగ వచ్చి గుత్తులెత్తుకపోతయి. అత్తమ్మ బొమ్మ మంచె మీద నిలబడి రేకు డబ్బా కొట్టాలె. ఒక్కటే బటన్. నలభై ఏండ్ల కింద నిజం తోటల ఆమె చేసిన పని అదే. ఆ బటన్‌ను బొటనవేలితోటి కాదు, గుప్పిటతోటి గుద్దేది. "హో... హో..." అని కేకలు. పక్కింటోళ్లు మొదట్ల ఏమైందోనని ఉరికొచ్చిండ్రు. పిట్టలు లేస్తయి, మేమిద్దరం తీగెల మీద ఉరుకుతం. ఆ సంతోషం మా ఇంట్ల మళ్ల రాలేదు. నేను రానియ్యలేదు.

తోటల రోడ్డు వైపు మూలకు పోతె ఒక పెద్ద గుంత. పైన గిరక, దానికి తాడు. తాడు పట్టుకొని ఇద్దరం ఒకేసారి ఊగితెనే అవతలికి పడతం. ఎన్నడూ ఒకేసారి ఊగకపోతిమి. పడితిమి. మళ్ల పడితిమి. సుజాత కడుపు పట్టుకొని నవ్వేది. అత్తమ్మ మంచె మీదినుంచి అనేది: "గా మూలకు పోతె ఎవలైనా పడుడే!"

ఆ మూల మా వాటా.

మొదట్ల నేనూ నవ్విన. తరువాత నవ్వుత నవ్వుత ఒకనాడు ఆగిపోయిన. తోటంత కడీలతోటి, గుత్తులతోటి కళకళలాడుతాంది, మా వాటా కాడ మాత్రం గుంత. పడెటందుకు. నవ్వెటందుకు. నోటితోటి అననిది సుజాత రాళ్లతోటి, తాళ్లతోటి అన్నదన్నమాట. అత్తమ్మ అందుకు తాళం వేస్తాంది. ఎవరన్నా ఎదురుంగ అంటె కడిగి ఆరేసేదాన్ని. ఆటల గుంత పెట్టినందుకు ఎట్ల కొట్లాడుత? "అక్కా, అది ఆటనే కదా" అంటది. అనంగనే నేను ఓడిపోత. నాకు ఓడిపోవుడు రాదు.

వానాకాలం. పనిదినం, మధ్యాహ్నం. సుజాత డ్యూటీల ఉన్నది. అత్తమ్మ చాప మీద పల్లికాయ ఒలుస్తాంది. నేను గేమ్ ఆన్ చేసిన. "ఒక్కదానివే ఆడుతవా?" అన్నది. "చెయ్యి అలవాటు చేసుకుంటున్న" అన్న. స్టేజీ పేరు మీదికి పోయిన. తుడిచెయ్యమని ఒత్తిన. నిజంగ తుడిచెయ్యాలా అని అడిగింది. అవునన్న. మళ్లొకసారి అడిగింది. మా ఇంట్ల నాతోటి అంత నిదానంగ మాట్లాడింది ఆ పెట్టె ఒక్కటే. మళ్ల అవునన్న. తోట పోయింది. తెర మీద ఉత్త నేల, ఉత్త ఆకాశం. నా మట్టి బొమ్మ ఒక్కతే నిలబడి అటు ఇటు చూస్తాంది.

చాయ్ పెట్టుకుంటనని వంటింట్లకు పోయిన. నిజానికి ఆ ఉత్త తెర చూడలేక పోయిన. తిరిగొచ్చేసరికి టీవీ నల్లగున్నది. అత్తమ్మ గోడ పక్కన నిలబడి ఉన్నది, చేతిల ప్లగ్గు. "ఉరిమింది" అన్నది. మబ్బు చూస్తె ఇంట్ల ప్లగ్గులన్నీ పీకుడు ఆమెకు మొదటినుంచి అలవాటే.

సాయంత్రం సుజాత క్యాబ్ దిగింది. ఆమెకు సెలవుండే రెండో శనివారం ఇంకా దూరమున్నా ఆ పొద్దే గేమ్ ఆన్ చేసింది. వెతికింది. మళ్ల వెతికింది. ఆమె నోరు తెరువకముందే అత్తమ్మ అన్నది: "నేనే ప్లగ్గు పీకిన బిడ్డా, ఉరుమొచ్చె." బిడ్డకు ఫోన్ చేస్తె ఆ పిల్ల కూడా, నడుస్తుండంగ పీకితె ఒక్కోసారి అట్లయితదని, వేరే చోట దాచిపెట్టకపోతె తిరిగి రాదని చెప్పింది. ముచ్చటకు సాక్ష్యం కూడా దొరికింది. సుజాత "పోనీ తియ్ అత్తమ్మా" అన్నది. మళ్ల కట్టలేదు. అడిగితె "తీరిక లేదక్కా" అనేది. పెట్టె సజ్జ మీదికెక్కింది. మేం మళ్ల దండెం కాడ మొఖాలు తిప్పుకునే తోడికోడండ్లమైనం.

అత్తమ్మ ఆ తరువాత ఏ స్విచ్చూ ముట్టలేదు. పొద్దుగూకినంక నేను బజారునుంచి వస్తె హాల్ల చీకట్ల కూసొని ఉండేది. "లైటేసుకోవచ్చు గదా అత్తమ్మా" అంటె, "నా సేతుల మంచి లేదు తియ్, నువ్వే వెయ్" అనేది. ఫ్యాను కూడా మనిషిని పిలిచి వేయించుకునేది. నేను వచ్చి వేసేదాన్ని. ప్రతిసారి. ప్రతిసారి చెప్పాలనుకొని, స్విచ్చేసి వంటింట్లకు పోయేదాన్ని.

మరుసటి వానాకాలం ఒకనాడు ఇల్లదిరేటట్టు ఉరిమింది. ఇగ ప్లగ్గు నేనే పీకిన. అత్తమ్మ గోడకు దూరంగ, చాప మీద కూసొని ఉన్నది. ఇంట్ల ఇంకెవరు లేరు.

"పెద్దపిల్లా."

"ఏంది అత్తమ్మా?"

"గా తోట... నేను ప్లగ్గు పీకుడుతోటేనా పోయింది?"

"ఇప్పుడెందుకు గా ముచ్చట?"

"ఊకెనే. మస్తు కట్టింది సుజాత. మూలకు బాయి గూడ పెట్టింది. నేనే సెప్పి పెట్టిచ్చిన. నువ్వొచ్చేటాలకే పూడ్చిండ్రు, నువ్వెక్కడ సూస్తవు."

"ఏ బాయి?"

"గదేనే, గిరకబాయి. నీ మొగడు అండ్లనే ఈత నేర్చిండు. మీరిద్దరు రోజూ పడుతుంటిరి సూడు, గదే." నవ్వింది. నవ్వు ఆపి నా దిక్కు చూసింది. "సెప్పు బిడ్డా. నా వల్లనేనా?"

గిరక ఉండె. తాడు ఉండె. బీఎస్సీ చదివినదాన్ని. రోజూ ఆ తాడే పట్టుకొని ఊగినదాన్ని. నాకు బావి తోచలేదు. మా వాటానే తోచింది. ఎవరూ నన్ను అనలేదు. నన్ను నేనే అనుకున్న, ఆ కోపం తోట మీద తీర్చుకున్న.

అప్పుడన్నా చెప్పాలె కదా? చేతిల ప్లగ్గు పట్టుకొని నిలబడి ఏమన్ననో తెలుసా?

"ఏమో అత్తమ్మా. అయ్యుంటది."

"అట్లనా" అన్నది. చాప అంచు సదురుకున్నది. "అయితె నేనేనన్నట్టు."

మళ్ల ఎన్నడూ అడగలేదు.

ఇది రాసినందుకు నాకేదో మాఫీ దొరుకుతదని రాస్తలేను. మాఫీ చెయ్యాల్సినామె లేదు. సుజాత ఉన్నది. ఆమె చదివితె మొదటి నాలుగు ముక్కలకే గుర్తుపడుతది. పట్టనీ. పైనుంచి దిగొచ్చి నన్ను అడగనీ. ఒక్కసారన్న నేను జవాబు లేకుండ నిలబడుత. వచ్చే ఫంక్షన్ల మా ఆయన ముచ్చట మొదలుపెడితె ఈసారి నా గరిటె ఆగుతది, నోరు తెరుస్తననే అనుకుంటున్న. తెరువకపోతె, కనీసం ఇక్కడన్నా ఉన్నది. గొంతుల ఉన్నది కాయితం మీదికి దిగినంక, కొంచెం గాలాడుతాంది. అంతే.

ఒక్కటే ఇంకా కొరుకుతాంది. ఆ మధ్యాహ్నం అత్తమ్మ టీవీకి ఎదురుంగనే కూసున్నది. ఆమెకు చదువు రాదు, నిజమే. కాని తోట ఉన్నదో పోయిందో చూసెటందుకు చదువెందుకు? నేను లేచి వంటింట్లకు పోతున్నప్పుడు పల్లికాయ ఒలిచే చప్పుడు ఆగింది, అది యాదికున్నది. మబ్బు పట్టింది, అదీ యాదికున్నది. వాన మాత్రం సుజాత వచ్చినంకనే పడ్డది. ఉరుము నేను వినలేదు. పొయ్యి కాడ నిలబడి, కిటికీ తెరిచి పెట్టుకొని, వినలేదు. మరి ఆమె చూసిందా? ఇద్దరు కోడండ్లు ఒక కప్పు కింద ఉండాలె కదా అని నా పనిని తన చేతులకు తీసుకున్నదా? అట్లయితె మరుసటి ఏడాది ఆమె నన్ను అడిగింది తనకు తెల్వక కాదు. నేనే చెప్తనేమోనని అడిగింది. "సెప్పు బిడ్డా" అని రెండోసారి కూడా అడిగింది.

శామీర్‌పేటల ఆ పొద్దు మిద్దెల మీద బట్టలు తీసినోళ్లు, గొడ్లను కొట్టంల కట్టేసినోళ్లు ఎవరన్నా ఉండే ఉంటరు. వాళ్లకన్నా యాదికున్నదా? సుజాత క్యాబ్ రాకముందు, ఆ మధ్యాహ్నం, నిజంగ ఉరిమిందా?