ఖటాఖట్ పార్టీలో ట్రంపెట్ ఆగిన ఏడాది

పాప చెవుల పరీక్షకు ఇంకా నాలుగు రోజులుందనగా, ఆ దిగులు తప్ప మరొకటి తలకెక్కని పరిస్థితిలో నేనుండగా, గుజరాత్‌లోని మా గోడాదరా పాత మిత్రుల వాట్సాప్ గ్రూపులో పదేళ్లనాటి గొడవ ఒకటి మళ్లీ లేచింది. వచ్చే వినాయక చవితికి ఖటాఖట్ పార్టీ బ్యాండు వాళ్లను పాత పద్ధతిలో, అంటే ట్రంపెట్‌తో, ఒక్కసారి వాయించమని అడుగుదామని కొందరు, ఆ డొక్కు మోత ఇప్పుడెవరికి కావాలి, లాప్‌టాప్ పెట్టాకే అది సంగీతమైందని మరికొందరు, పళ్లు తోముకునేవేళ మొదలుపెట్టి మధ్యాహ్నం టిఫిన్ డబ్బాలు తెరిచేదాకా కొట్టుకున్నారు. వీళ్లందరికీ ముప్పై వచ్చాయి. ఒకడికి పొట్ట పెరిగింది, ఒకడికి జుట్టు పోయింది, ఒకామె ఊరవతల కిమ్‌లో ఫ్యాక్టరీ ఆఫీసులో కూర్చుని కంపెనీ కంప్యూటర్ మీదే ఈ యుద్ధం నడుపుతుంది. బుద్ధి మాత్రం ఎవరికీ రాలేదు. చివరికి ఒకడు నన్ను లాగాడు: "అక్కా, మీ మామ బ్యాండే గద, నువ్వే చెప్పు, ఏది అస్సల్, ఏది నకల్?"

రెండేళ్లు నిండబోతున్న కూతురు వెనకనుంచి పిలిస్తే తిరిగి చూడడం లేదని, పళ్లెం మీద గరిటె కొట్టి చూసి, తలుపు దబాలున వేసి చూసి, ఏ చప్పుడుకు కదిలిందో ఏ చప్పుడుకు కదలలేదో మనసులో పట్టీ రాసుకుంటున్న తల్లికి ఆ ప్రశ్న ఎలా ఉంటుందో ఊహించండి. ఆ రోజు జవాబివ్వలేదు. ఇప్పుడు, పాప పడుకున్నాక, రాస్తున్నాను. నా వయసువాళ్లు, సాంచెల చప్పుడులో పెరిగినవాళ్లు చదివితే చాలు.

మరమగ్గాన్ని మావాళ్లు సాంచె అంటారు. బతుకుదెరువుకు ఊళ్లు వదిలి వచ్చిన మా నేతవాళ్ల గల్లీలో కింద సాంచెల షెడ్డు, పైన మా కాపురాలు. రెండు షిఫ్టుల్లోనూ అవి ఆడుతూనే ఉండేవి కనుక అలమరలో స్టీలు గ్లాసులు ఒకదాన్నొకటి తాకి సన్నగా మోగుతూ ఉండేవి, అవి మోగడం ఆగితే కరెంటు పోయిందని తెలిసేది. మేమంతా అరుచుకునే మాట్లాడుకునేవాళ్లం. ఊరినుంచి కొత్తగా వచ్చిన చుట్టాలు మా ఇంట్లో ఎప్పుడూ జగడమేనేమో అనుకునేవారు. షెడ్డు లోపలైతే అరుపు కూడా పనిచేయదు. అక్కడ ఎదుటివాడి పెదవులు, చేతులు, కనుబొమలు చూసి మాట తెలుసుకోవాల్సిందే.

మా అమ్మ చిన్న తమ్ముడు, మా చిన్నమామ, అక్కడే పన్నెండు సాంచెలు చూసుకునేవాడు. మొబైల్ రీచార్జి దుకాణంవాణ్ణి మెమరీ కార్డులో పాటలు నింపిమ్మంటే సగం కార్డు ఎవరో అమెరికా నల్లవాళ్ల ఫంక్ సంగీతంతో నింపి ఇచ్చాడట. ఇంకొకరైతే వెనక్కిచ్చి తిట్టేవారు. మామ దాన్ని చెవిలో పెట్టుకుని, సాంచెల మోతను మించేలా సౌండు పూర్తిగా పెంచి, షిఫ్టు షిఫ్టంతా విని, "అరే, ఇది మన సాంచెనే గదరా!" అన్నాడట. ఆ మాట నిజమే. ఫంక్‌లో రాగం ఒక మూల కూర్చుంటుంది, తాళం లేచి నడుస్తుంది. బేస్ గిటారు ముందు పోతుంటే ట్రంపెట్ మధ్యమధ్య కత్తిరించినట్టు రెండు ముక్కలు ఊది ఆగిపోతుంది, అది ఆగిన చోటే మన భుజాలు కదులుతాయి.

పెళ్లి ఊరేగింపుల్లో వాయించి వాయించి మానేసిన ఒక ముసలాయన మా గల్లీలో ఉండేవాడు, మేము ట్రంపెట్ తాత అనేవాళ్లం. మామ ఆయన్ను పట్టుకున్నాడు, ముంబై నుంచి ఎవరో వాడి వదిలేసిన బేస్ గిటారు తెచ్చుకున్నాడు, ఒక డ్రమ్ము, ఒక డప్పు కూర్చాడు. అదీ ఖటాఖట్ పార్టీ. గోడాదరా గణపతుల ముందు, బతుకమ్మ ఆటల తర్వాత, భేస్తాన్‌లో పెళ్లిళ్లలో వాళ్లు వాయిస్తుంటే, పన్నెండు గంటలు నిలబడి వచ్చిన మగవాళ్లు కాళ్లనొప్పులు మరచి ఎగిరేవారు.

అభిమానులమని మాకు మేమే పేరు పెట్టుకున్న పదిహేనుమందిమి మాత్రం ఎగిరేవాళ్లం కాదు. కాలేజీ మొహం చూసిన మొదటి తరం కదా, మాకు ఎగరడం చిన్నతనం. చేతులు కట్టుకుని, ఫంక్ అనే మాటను ముక్కుతో పలుకుతూ, మిగతావాళ్లకు ఇది అర్థం కాదులే అన్నట్టు తల పంకించేవాళ్లం. నాకు బేస్ గిటారుకు ఎన్ని తీగలో కూడా తెలియదు. తెలియకపోవడం మా పాండిత్యానికి ఎన్నడూ అడ్డురాలేదు.

ఇలా ఉండగా, నేను బీకాం రెండో ఏడులో ఉన్నప్పుడు, చవితి పందిట్లో స్టేజీ మీద ట్రంపెట్ తాత లేడు. కింద కుర్చీల్లో, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కాతో, జనంలో కూర్చుని ఉన్నాడు. స్టేజీ మీద ఒక లాప్‌టాప్, వేళ్లతో కొట్టే ఎలక్ట్రానిక్ పలకలు రెండు, బీరువాలంత స్పీకరు డబ్బాలు. మామ తల వంచి ఏదో నొక్కాడు. డుబ్ మని ఒక దెబ్బ నేలలోంచి వచ్చి గణపతి ముందున్న పళ్లెంలో కుడుములను కదిలించింది. ఆ తర్వాత అదే దెబ్బ గంటన్నరసేపు. అందులో పైస్వరం లేదు, కత్తిరింపు లేదు, ఆగడం అసలే లేదు.

మర్నాటికి అభిమానులు రెండు ముక్కలయ్యారు. పాత మోత పక్షానికి నేను నాయకురాలిని. కొత్త మోత పక్షానికి మా మేనత్త కొడుకు, మా బావ. టీ బండి దగ్గర సాయంత్రాలు మా ఇద్దరి వాదన వినడానికే కొందరు వచ్చేవారు.

"ఏందే నీ లొల్లి? జమానా మారింది. ట్రంపెట్ పట్టుకొని నిలవడితే పెండ్లి బారాత్ అనుకుంటరు జనం."

"లాప్‌టాప్ ముంగట కూసుంటే బ్యాంకుల క్యాషియర్ అనుకుంటలేరా? పాస్‌బుక్కులు పట్టుకొని లైను కట్టేటట్టున్నరు."

"నీకు ఎలక్ట్రానిక్ అంటే సమజ్ కాదు తియ్. నీ చెవులు ఇంకా ఊర్లెనే ఉన్నయ్."

"నీ చెవులు యాడున్నయో గాని, నడుమల తలకాయ మాత్రం లేదు బావా."

గుజరాతీ టీ బండాయన గ్లాసులు కడుగుతూ, "బేఉ ఘోంఘాట్ ఛే, బేన్" అన్నాడొకసారి. రెండూ గోలే, చెల్లీ అని. ఆ ఏడాది ఈ విషయం మీద నేను విన్నవాటిలో తెలివైన మాట అదొక్కటే. మేము ఆయన్ను చూసి జాలిగా నవ్వుకున్నాం.

అంతటితో ఊరుకోక, నేను ఫేస్‌బుక్‌లో పెద్ద వ్యాసం రాశాను. కళాద్రోహం, ఆత్మవంచన, యంత్రదాస్యం లాంటి మాటలు అందులో పది పదిహేను ఉంటాయి. వాటి అర్థం నాకైనా పూర్తిగా తెలిసి వాడానని చెప్పలేను. దానికి మామ బదులివ్వలేదు. అది ఇంకా కోపం తెప్పించింది. షెడ్డుకు సెలవున్న ఒక రోజు మధ్యాహ్నం, మొహం మీదే అడిగేద్దామని వాళ్లు సాధన చేసే పై గదికి పోయాను. మామ తలుపు వైపు వీపు పెట్టి, చెప్పులు విడిచి, ఒక పాదం స్పీకరు డబ్బాకు ఆనించి నిలబడి ఉన్నాడు. మోత లేదు, అప్పుడే ఆపినట్టున్నాడు. రెండుసార్లు "మామా" అని పిలిచాను, కదల్లేదు. మెట్లెక్కుతూ కూర్చుకున్న వెక్కిరింతలన్నీ ఆ వీపు మీద కుమ్మరించాను. అప్పటికీ కదల్లేదు. మూల కూర్చున్న ట్రంపెట్ తాత నన్ను చూసి, వద్దన్నట్టు తల ఊపాడు. చాల్లే నీ పొగరు అనుకుంటూ దిగివచ్చి, అదే రోజు రెండో వ్యాసం రాశాను. పేరొస్తే సొంత మేనకోడలు పిలిచినా తిరిగి చూడని గొప్ప కళాకారుల గురించి. మొదటిదానికన్నా దీన్ని ఎక్కువమంది మెచ్చుకున్నారు.

మర్నాడు చిన్నత్త, అంటే మామ భార్య, మా ఇంటికొచ్చింది. గడపలోనే నిలబడి, "నువ్వు రాసింది మీ మామకు సూపిచ్చిన" అంది.

"ఏమన్నడు?"

"రాత మంచిగున్నదన్నడు. ఎన్కకెల్లి తిట్టుడెందుకు, ముంగటికొచ్చి తిట్టుమను, గప్పుడైతే నాకు సమజైతదన్నడు."

నాకేమీ అర్థం కాలేదు. అప్పుడామె నా ఎదురుగా కూర్చుని చెప్పింది. మామకు చెవులు పోతూ మూడేళ్లయిందట. ముందు ట్రంపెట్టే పోయిందట. "ఒకరోజు సాధనల ఊదుతలేవేందని తాతను మస్తు కోపం చేసిండు. తాత ఊదుకుంటనే ఉన్నడు బిడ్డా." ఆ తర్వాత సన్నని చప్పుళ్లన్నీ ఒక్కొక్కటే. నేలలోంచి కాళ్లలోకి వచ్చే ఆ డుబ్ ఒక్కటే ఆయనకు అందుతుంది కనుక, దాన్ని పట్టుకుని ఉన్నాడు.

మూడేళ్లు ఎవరికీ తెలియకపోవడం ఎలా సాధ్యమని వేరే ఊరివాళ్లు అడుగుతారు. మా గల్లీలో అది చాలా సులువు. అందరూ అందరితో అరిచే మాట్లాడుతుంటే, షెడ్డులో అందరూ పెదవులు చూసే మాట తెలుసుకుంటుంటే, చెవులున్నవాడు ఎవడో లేనివాడు ఎవడో ఎవరు పోల్చుకుంటారు? మా అరుపుల చాటున మామ హాయిగా దాక్కున్నాడు.

సంగతి బావకు చెప్పాను, బావ ఉండబట్టలేక అభిమానులకు చెప్పాడు. సిగ్గుపడి నోరు మూసుకుంటారనుకున్నాం. ఎక్కడ? కొత్త పక్షంవాళ్లు, చూశారా, చెవులతో కాదు, ఒళ్లంతా పెట్టి చేసిన సంగీతం, అందుకే అంత లోతు అన్నారు. పాత పక్షంవాళ్లు, వినపడనివాడు గౌరవంగా తప్పుకోవాలి కదా అన్నారు. ఒక మనిషి చెవులు పోతే, ఆ సంగతినీ తమ తమ వాదనల్లో దోపుకోవడానికి వాళ్లకు ఒక్క పూట పట్టింది. ఆ రోజునుంచి అభిమాని అన్న మాట వింటేనే నాకు వెగటు. నేను వాళ్లలో ఒకదాన్నని మరచిపోయి ఈ మాట రాయడం లేదు.

మామ దగ్గరికి పోయి ఎదురుగా కూర్చున్నాను. క్షమించమని అడగబోతుండగా, ఆయనే అన్నాడు: "నాకు గదొక్కటే అందుతది బిడ్డా. మంచిగున్నదో బేకారున్నదో నువ్వే చెప్పాలె."

పెదవులు స్పష్టంగా కదిలిస్తూ, "బేకారున్నది మామా" అన్నాను.

ఆయన పెద్దగా నవ్వి, "గట్లనా, గట్లైతే సౌండు ఇంకింత పెంచుత" అన్నాడు.

ఇప్పటికీ నా అభిప్రాయం అదే. ఆ డుబ్ మంచి సంగీతం కాదు. చెవుడు సంగతి తెలిశాక అది ఒక్కసారిగా మధురంగా వినపడిందని చెబితే అది జాలి అవుతుంది, జాలితో పొగిడించుకునేంత చిన్న మనిషి కాదు మా మామ.

తర్వాత ఆ బావనే పెళ్లి చేసుకున్నాను. మా ఇంట్లో ఇప్పుడు సంగీతం మీద గొడవల్లేవు, పాప మీదే. కడుపుతో ఉన్న తొమ్మిది నెలలూ సాంచెల మీది గదిలోనే ఉన్నాను, ఆ మోత లోపలికి పోయిందేమోనని నా భయం. మా అత్తగారు, "ఊకె పరేషాన్ గాకు, మీ బావ గూడ మూడేండ్లకు నోరు తెరిసిండు" అంటుంది. బంధువులు తలా ఒక ధైర్యం చెబుతారు. ఈ ధైర్యాలంటే నాకు పరమ అసహ్యం. ఒక మనిషికి చెవులు పోతుంటే మూడేళ్లు కనిపెట్టలేని కుటుంబం మాది, మా ధైర్యానికి విలువెంత?

నిన్న పరీక్ష అయింది. గోడలకు మెత్తలు వేసిన చిన్న గదిలో పాపను ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. అద్దానికవతల ఒకామె మిషను మీద మీట నొక్కితే ఒక మూలనుంచి కూ మని సన్నగా కూత వస్తుంది. మిషను కూత, రాగమూ తాళమూ లేని ఉత్త కూత. మొదటిదానికి పాప నా గాజులతో ఆడుకుంటూనే ఉంది. రెండోదానికీ అంతే. నేను ఊపిరి బిగబట్టి ఆ గదిలో కూర్చున్నట్టు ఏ కచేరీలోనూ కూర్చోలేదు, మళ్లీ రావాలని ఆ కూత కోసం ఎదురుచూసినట్టు ఏ పాట కోసమూ చూడలేదు. మూడోదానికి గాజు వదిలేసి కుడివైపు తల తిప్పింది. ఆ తర్వాత కొన్నింటికి తిప్పింది, కొన్నింటికి లేదు. జలుబు వల్ల ఎడమ చెవి లోపల నీరు చేరినట్టుంది, మందు వాడి నెల తర్వాత మళ్లీ తీసుకురండి, అప్పుడు గానీ ఏదీ గట్టిగా చెప్పలేమన్నారు.

అక్కడినుంచి తిన్నగా మామ ఇంటికే పోయాం. చెప్పినదంతా ఆయన నా పెదవుల మీద చదువుకుని, పాప తల నిమిరి, "ఏంగాదు తియ్" అనలేదు, అందుకు ఆయనకు దండం పెట్టాలి. అప్పుడు అడిగాను, ఇన్నేళ్లలో మొదటిసారి, ఆయనకు అసలేం వినపడుతుందని. ఆయన ఏం వాయించాలో పదేళ్లుగా తీర్పులు చెబుతున్న మాలో ఒక్కరమూ ఆ మాట అడగలేదు.

"సాంచె ఇనపడ్తది బిడ్డా" అన్నాడు. "లేచినా గదే, పండుకున్నా గదే. అందరి షిఫ్టు అయిపోయింది, నాది చెవులల్ల నడుస్తనే ఉన్నది."

మా గల్లీ సాంచెలన్నీ కిమ్ వైపు తరలిపోయి ఏడాదిన్నరయింది. కింది షెడ్డు చీరల పార్సిళ్ల గోదాము. పక్కింటి కుక్కర్ కూత, ఎదురింటి మొగుడూ పెళ్లాల గుసగుస, గోదాము రేకుల మీద పావురాల నడక, అన్నీ వినపడతాయి. పిల్లలు మెల్లగా మాట్లాడతారు, మనలా అరవరు. మనం పెరిగిన ఆ మోత కావాలని గ్రూపులో ఇవాళ కూడా రాస్తున్నారు. అది ఎక్కడికీ పోలేదు. మనందరి వంతూ కలిపి ఆయన ఒక్కడే వింటున్నాడు.