ఊరిన తొక్కు

మా అత్తగారి లెక్కలో డబ్బాలో ఉన్నదే ఉప్పు. తొక్కుపచ్చడిలో ఊరిన ఉప్పు ఉప్పు కాదు. ఈ సంగతి నాకు తెలిసేసరికి ఆలస్యమైంది. ఏడవడానికి రాయడం లేదు ఇది. ఆమె మీద నాకు ఇప్పటికీ కోపమే, ఆమె కొడుకు మీద ఇంకా ఎక్కువ కోపం.

మా ఆయన మెదక్‌లో ఒక గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. నలభై నిండకముందే బీపీ వచ్చింది. దవాఖానలో డాక్టర్ చేతికి పట్టీ చుట్టి చూసి, ఆయనతో కాదు, నాతో చెప్పాడు. “గోలీలు ఒక్కటే మింగితే కాదమ్మా. ఉప్పు తగ్గించుండ్రి. గిట్లనే ఉంటే పక్షవాతం వస్తది.” అత్తగారు పక్కనే నిలబడి తల ఊపారు. నేను మాత్రం ఆ చివరి మాట దగ్గరే ఆగిపోయాను. పిల్లలింకా బడికి పోతున్నారు. ఆయన మంచాన పడితే మా గతేమిటి?

ఆ రోజే కూరల్లో ఉప్పు సగానికి సగం తగ్గించాను. యుద్ధం కూడా ఆ రోజే మొదలైంది.

“నా కొడుకేమన్న బాలింతనా, పత్యం వెడుతున్నవ్?” అన్నారు అత్తగారు. అక్కడితో ఆగలేదు. కోడలు ఉప్పు డబ్బాకు తాళం వేసిందని గల్లీ అంతా చాటారు. మేమంతా ఖాలా అని పిలిచే పక్కింటి పెద్దమ్మ గోడ మీదుగా తొంగిచూసి, “పరేషాన్ గాకు బిడ్డా, ఉప్పు లేకుంటే నన్నడుగు” అంది. ఒళ్లు మండిపోయింది. ఇక ఆ కొడుకుగారైతే పప్పు వైపు చూసే చూపు ఉందే, అందులో నేను ఆయన ఆస్తులన్నీ అమ్ముకు తిన్నట్టు ఉండేది.

అవి తెలంగాణ ఉద్యమం ఉధృతంగా నడుస్తున్న రోజులు. ఆఫీసు వాళ్లంతా వంతులవారీగా టెంటు కింద దీక్షకు కూర్చునేవారు. ఈయన వంతు వస్తే మెడలో దండ వేసుకుని, పొద్దున్నుంచి సాయంత్రం దాకా మంచినీళ్లతో గడిపేవాడు. మొహంలో విసుగు కూడా ఉండేది కాదు. ఒకనాడు ఉండబట్టలేక అడిగాను.

“తెలంగాణ కోసం అన్నమే బందు వెడుతున్నరు. నా కోసం ఉప్పు బందు వెట్టరా?”

“అది వేరే, ఇది వేరే” అన్నాడు. ఎట్లా వేరో ఇప్పటికీ చెప్పలేదు.

తర్వాత ఉన్నట్టుండి గొణుగుడు ఆగిపోయింది. ఆఫీసుకు పంపిన టిఫిన్ బాక్సు ఖాళీగా వచ్చేది. నేను గెలిచాననుకుని తెగ మురిసిపోయాను. బీపీ మాత్రం పెరుగుతూ పోయింది. డాక్టర్ గోలీ మార్చి, నన్ను అనుమానంగా చూశాడు. “ఇంట్ల నిజంగనే ఉప్పు తగ్గించినరా?” నేను నోరు తెరిచేలోపే అత్తగారు అందుకున్నారు. “చిటికెడే ఏస్తున్నం సారూ. నా కొడుకు మీద ఒట్టు.” ఆమె అబద్ధం చెప్పలేదు. నాకు అన్నిటికన్నా ఎక్కువ మండేది అందుకే.

రామాయంపేట రోడ్డు మీద వంటావార్పు జరిగిన రోజు ఆమె పని బయటపడింది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, అక్కడే వండుకుని తిని, బండ్లు ఆపడమే ఆ నిరసన. ఆడవాళ్లం అన్నం వడ్డిస్తున్నాం. మా ఆయన బంతిలో కూర్చున్నాడు. అత్తగారు వెనక నుంచి వంగి, విస్తరిలో అన్నాన్ని వేళ్లతో గుంట చేసి, కొంగు చాటునున్న గిన్నెలోంచి ఇంత మామిడికాయ తొక్కు అందులో పెట్టి, మళ్లీ అన్నం కప్పేశారు. ఎంత చకచకా చేశారంటే, రోజూ ఆయన బాక్సులో ఇదే జరుగుతోందని నాకు అప్పుడే అర్థమైంది.

గిన్నె లాక్కున్నాను. “ఏందిది అత్తమ్మా? ఉప్పు పెట్టొద్దన్నడు గద డాక్టరు?”

“దీంట్ల ఉప్పేడున్నదే?” ఆమె నిజంగానే ఆశ్చర్యపోయారు. “ఏడాది సంది ఊరింది. ఉప్పంత కాయల కలిసిపాయె. ఇంకేడిది ఉప్పు?”

చుట్టూ ఆడవాళ్లు నవ్వారు. మా ఆయన తల ఎత్తకుండానే, “నలుగుట్ల ఇజ్జత్ తీయకు” అన్నాడు. ఆయన చదువుకున్నవాడు, ఆయనకు తెలుసు. తెలిసీ, నేను చూస్తుండగానే, నా మీద పంతానికి ఆ తొక్కంతా కలుపుకుని తిన్నాడు.

కొద్ది వారాలకు టెంటు దగ్గరే కూలబడ్డాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. మూతి ఒక పక్కకు పోయింది. ఉద్యమం కోసం తిరిగి తిరిగి ఇట్లా అయ్యాడని ఊరంతా అంది. పండ్లు పట్టుకుని ఎంతమందో వచ్చారు. తొక్కు తిని పడిపోయాడని నేనొక్కదాన్నే అన్నాను. అన్న ప్రతిసారీ చెడ్డదాన్నయ్యాను.

ఇంటికి తెచ్చాక ముద్దలు తానే పెడతానని అత్తగారు పట్టుబట్టారు. మెత్తటి అన్నంలో పప్పు పిసికి నోట్లో పెట్టారు. ఆయన దాన్ని నోట్లోనే అటూ ఇటూ తిప్పి, మింగలేక, ముద్దముద్దగా అన్నాడు.

“సప్పగున్నదే అమ్మా.”

ఆమె చెయ్యి ఆగిపోయింది. కొడుకు వైపు చూడలేదు, నా వైపు చూశారు. నేను ఆ ఇంటికి కోడలిగా వచ్చాక ఆమె నన్ను ఏదైనా చెయ్యనా అని అడగడం అదే మొదలు.

“జరంత ఉప్పు ఏద్దునా?”

“వద్దు.”

“నీ కడుపు కాల! రాయివే నువ్వు, రాయివి” అన్నారు. కళ్ల వెంట నీళ్లు కారుతున్నాయి. అట్లా నన్ను తిడుతూనే ఆ చప్పిడి ముద్ద కొడుకు నోట్లో పెట్టారు. ఆయన మింగేదాకా అక్కడే నిలబడ్డాను.