పది సెకన్ల ఖాళీ

మా ఆయనను ఆఫీసులో అందరూ రీస్టార్ట్ గారు అనేవారు. ఎవరి కంప్యూటర్ మొరాయించినా, ఎవరు ఫోన్ చేసి గోడు వెళ్ళబోసుకున్నా ఆయన నోట ముందు వచ్చే మాట ఒకటే: ఒక్కసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండి. హెల్ప్‌డెస్క్‌లో కూర్చుని పందొమ్మిదేళ్ళు ఆ మాటే చెప్పారు. పదింట ఏడుసార్లు దానితోనే పని జరిగిపోయేది. మిగతా మూడుసార్లు చెవికి హెడ్‌ఫోన్ తగిలించుకుని, అవతలివాళ్ళ విసుగంతా ఓపిగ్గా విని, మెల్లగా దారి చూపేవారు. ఇంట్లో నాకు కోపం వచ్చినా అదే మంత్రం. ఒకసారి పడుకుని లేస్తే సర్దుకుంటుందని నాకు చెప్పి, పక్కగదిలోకి జారుకునేవారు.

ఆయన పనిచేసే గదికి కిటికీలు లేవు. ఎనిమిది కుర్చీలు, ఎనిమిది హెడ్‌ఫోన్లు. ఎదురుగా అద్దం తలుపు, దాని వెనక నెట్‌వర్క్ వాళ్ళ చల్లటి గది. అందులో నీలం వైర్లు ఒక జడ, పసుపు వైర్లు ఒక జడ అల్లి ఉంటాయని, చిన్న దీపాలు మినుకు మినుకుమంటూ ఉంటాయని ఎన్నోసార్లు చెప్పారు. ఏదైనా పనిమీద ఆ తలుపు దాటి వెళ్ళిన రోజు ఇంటికొచ్చి చుట్టాలింటికి వెళ్ళొచ్చినట్టు మాట్లాడేవారు. ఒక్కరోజైనా ఫోన్ ఎత్తకుండా ఆ గదిలో పని చేయాలని ఆయన ఆశ.

ఆ ఏడు హెల్ప్‌డెస్క్ మొత్తం బయటి కంపెనీకి ఇచ్చేస్తున్నారని తెలిసింది. నెట్‌వర్క్ సర్టిఫికెట్ ఉన్నవాళ్ళను అద్దం తలుపు లోపలికి తీసుకుంటారు. లేనివాళ్ళకు ఇక ఉద్యోగం ఉండదు. గడువు రెండు నెలలు. ఆయన పైన టీమ్ లీడ్‌గా ఉన్న అమ్మాయికి ఇరవై ఏడేళ్ళు. తన కింద పనిచేసే మనిషే అయినా ఆయనను సర్ అనే పిలిచేది. పక్కకు పిలిచి చెప్పిందట: "సర్, మీ పేరు లిస్టులో రాసి పెట్టాను. కాగితం మాత్రం మీరే తేవాలి."

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, బూట్లు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నారు.

"నలభై తొమ్మిదేళ్ళకు పరీక్ష రాయమంటున్నారోయ్" అన్నారు.

"రాయండి. ఎంతమందిని గట్టెక్కించలేదు నేను?" అన్నాను.

నేను బడిలో ఆరో తరగతికి తెలుగు చెబుతాను. నా పద్ధతి పాతది. పైకి చదవాలి. పెదవులు కదలని పిల్లవాడు చదవడం లేదనే నా లెక్క. ఆయనకూ అదే పద్ధతి పెట్టాను. బడి నుంచి వచ్చి, టీ తాగి, ఆయన పుస్తకం నా ఒళ్ళో పెట్టుకుని ప్రశ్నలు అడిగేదాన్ని. గొణిగితే ఒప్పుకునేదాన్ని కాదు. వినపడట్లేదు, నోరు తెరిచి చెప్పండి అనేదాన్ని. ఆయన నిలబడి, చేతులు వెనక్కి కట్టుకుని, ఏ పోర్టు నంబరు దేనికో, ఏ కేబుల్ ఎంత దూరం పోతుందో అప్పజెప్పేవారు. నెల తిరిగేసరికి అర్థం తెలియని జవాబులు నాక్కూడా నోటికొచ్చేశాయి. డిగ్రీ చదువుతున్న మా అమ్మాయి, "అమ్మా, నువ్వే రాసెయ్యి. నాన్న నీ బదులు బడికి వెళ్ళి పిల్లల్ని రీస్టార్ట్ చేస్తాడు" అని నవ్వేది.

ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం ప్రతిసారీ బోల్తా పడేవారు. యంత్రం పని చేయడం లేదని ఒక మనిషి ఫిర్యాదు చేశాడు, మొదట ఏం చేయాలి? ఒకటి, ఆపి మళ్ళీ ఆన్ చేయాలి. రెండు, కేబుల్ మార్చాలి. మూడు, ఏమైందో, ఏం మారిందో ఆ మనిషిని అడగాలి. నాలుగు, పైవాళ్ళకు చెప్పాలి. ఆయన ఆలోచించకుండా ఒకటి అనేవారు. పుస్తకంలో జవాబు మూడు. పందొమ్మిదేళ్ళ అలవాటు, నాలుక చివరనే ఉండేది.

పరీక్షా కేంద్రంలో ఖాళీ దొరక్క, ఇంటి నుంచే రాసే పద్ధతి ఎంచుకున్నారు. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు. బల్ల మీద కాగితం ముక్క ఉండకూడదు. గోడల మీద రాత ఏదీ కనిపించకూడదు. కెమెరాతో గదంతా తిప్పి చూపించాలి. ఎక్కడో కూర్చున్న పర్యవేక్షకుడు గంటన్నరసేపు ముఖం మీదినుంచి చూపు తిప్పడు. ఆయన ముందురోజే గది ఖాళీ చేశారు. క్యాలెండర్ తీశారు, పుస్తకాల అర బయటికి జరిపారు, మా పెళ్ళి ఫొటో కూడా దించారు. అందులో రాత ఏముందని అడిగితే, ఎందుకొచ్చిన గొడవ, నువ్వు జవాబులు అందిస్తున్నావనుకుంటాడు అన్నారు.

నేనూ మా అమ్మాయీ వంటింట్లో కూర్చున్నాం. పాతిక నిమిషాలకే తలుపు తెరుచుకుంది.

"ఆపేశారు" అన్నారు ఆయన. "పెదవులు కదుపుతున్నానట. రెండుసార్లు హెచ్చరించాడు. నాకు కదులుతున్నట్టే తెలియలేదు. ఎవరితో మాట్లాడుతున్నారని అడిగాడు. నీతోనని చెప్పలేను కదా."

ఆ చివరి మాట నవ్వుతూనే అన్నారు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది. ఆ పెదవులకు కదలడం నేర్పింది నేను.

లీడ్ అమ్మాయి తనే ఉత్తరం రాసి, ఫోన్లు చేసి, ఇంకో తేదీ ఇప్పించింది. పందొమ్మిది రోజుల తరువాత, శనివారం పొద్దున పది గంటలకు. జాబితా పైకి వెళ్ళేది దాని తరువాతి సోమవారం. అంటే ఇదే ఆఖరి అవకాశం.

ఈసారి మౌనం నేర్పాను. కుట్టుపని డబ్బాలోంచి ఒక చొక్కా గుండీ తీసి ఇచ్చాను. అది పెదవుల మధ్య పట్టుకుని కూర్చోవాలి, పెదవి కదిలితే గుండీ పడిపోతుంది. జవాబు నోటితో కాదు, బల్ల మీద వేలితో కొట్టాలి. ఒకటి అయితే ఒక దెబ్బ, నాలుగు అయితే నాలుగు. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు కనుక నేను తలుపు దగ్గరగా వేసి, బయట పీట మీద కూర్చునేదాన్ని. ప్రశ్న చదివి, పది అంకెలు లోపలే లెక్కపెట్టి, తప్పొప్పులు చెప్పేదాన్ని. ఏం జరిగినా గంటన్నర లేవకూడదు, మాట్లాడకూడదు. ఆ నియమం నేనే పెట్టాను. మొదటి రోజు దగ్గు వచ్చి గుండీ ఊడిపడితే మళ్ళీ మొదటి ప్రశ్న నుంచి అడిగాను.

బస్సులో వినడానికి పనికొస్తుందని ఇదంతా ఆయన ఫోన్లో రికార్డు చేశాం. ఫోన్ గడప మీద ఉండేది. మూడోనాడు ఆయన ఇంటికొచ్చి ఫిర్యాదు చేశారు.

"నీ ప్రశ్న అవగానే నా దెబ్బలు కూడా వినపడుతున్నాయి. ఇది కాపీ కొట్టడం కాదూ?"

"మీ జవాబు మీరు చూసి రాస్తే కాపీ ఎలా అవుతుంది?" అన్నాను.

ఆ గది మళ్ళీ సర్దలేదు. ఎలాగూ ఖాళీ చేయాలి కదా అని అలాగే ఉంచేశాం. బల్ల, కుర్చీ, ఆయన. మధ్యలో అటుగా వెళ్తూ తలుపు సందులోంచి చూస్తే, ఆయన లేకపోతే అది ఎవరి గదో చెప్పలేం అనిపించేది.

పరీక్షకు ఆరు రోజుల ముందు, ఆదివారం పొద్దున కూర్చున్నాం. లోపలికి వెళ్ళేముందు భుజం రుద్దుకున్నారు. రాత్రి అడ్డంగా పడుకున్నట్టున్నాను అన్నారు. నేను అప్పటికే పీట మీద కూర్చుని పుస్తకం తెరిచాను.

యాభై ప్రశ్నల దాకా రెండే తప్పులు. యాభై ఎనిమిదోది ఆయన ఎప్పుడూ తప్పే ప్రశ్న. చదివాను. ఏడు అంకెలు లెక్కపెట్టాను. తరువాత మూడు దెబ్బలు, ఒక్కొక్కటీ విడివిడిగా. నాకు పట్టలేనంత సంతోషం. తలుపు తీసి ముఖం చూడాలనిపించింది. నియమం గుర్తొచ్చి, భేష్ అని మాత్రం అని ముందుకు పోయాను. అరవై, అరవై ఒకటి, దెబ్బలు మెత్తగా వినపడ్డాయి. అరవై రెండోదానికి జవాబు నాలుగు. లోపలి నుంచి టక్కుమని ఒక్కటే చప్పుడు వచ్చింది. తప్పు అన్నాను. అరవై మూడోదానికి ఏమీ రాలేదు. నిద్రపోతున్నారా అని విసుక్కున్నాను. అరవై నాలుగోదానికీ ఏమీ రాకపోతే లేచి తలుపు తోశాను.

కుర్చీలోనే ఉన్నారు. ఎడమచెయ్యి ఒళ్ళో ఉంది. కుడిచెయ్యి బల్ల మీద, వేలు చాపి ఉంది.

ఆసుపత్రిలో డాక్టరును ఒకే ప్రశ్న అడిగాను, మూడు నిమిషాలు ముందు తెచ్చి ఉంటే అని. చెప్పలేమమ్మా అన్నాడు. నాకు తెలిసినంతలో అది నిజాయితీ గల జవాబే. ఆ తరువాత నా లెక్క నేను వేసుకుంటూనే ఉన్నాను. అరవై రెండు నుంచి అరవై నాలుగు దాకా, ప్రశ్న చదవడానికి ఎంత, ఖాళీకి పది సెకన్లు, నా విసుగుకు ఎంత.

లీడ్ అమ్మాయి ఆయన హెడ్‌ఫోన్ తెచ్చి ఇచ్చింది. కుర్చీ మీద కూర్చోకుండా, గోడకు ఆనుకుని ఏడ్చింది. పని అందుకోవడానికి అప్పుడే వచ్చిన కొత్త కంపెనీవాళ్ళు కూడా అదే మాట చెబుతున్నారట, ఒక్కసారి ఆపి మళ్ళీ ఆన్ చేయండని. ఆ మాట విన్నప్పుడల్లా వెనక్కి తిరిగి చూస్తున్నానమ్మా అంది.

ఆయన పోయిన ఐదో రోజు ఆ గది ఊడ్చాను. బల్ల కాలి పక్కన, గోడ వారన గుండీ దొరికింది. చేతిలోకి తీసుకుని, ఊరికే, బల్ల మీద జారవిడిచాను. టక్కుమంది.

ఆ చప్పుడు నాకు తెలుసు. ఫోన్ తెచ్చి విన్నాను. అరవై రెండో ప్రశ్న, నాలుగు జవాబులు, ఆరు సెకన్ల నిశ్శబ్దం, టక్. అది వేలి దెబ్బ కాదు. మిగతా దెబ్బలు మందంగా ఉంటాయి, ఇది పలచగా ఉంది. ఆ తరువాత నేలమీద ఏదో దొర్లిన సవ్వడి కూడా ఉంది. నోట్లోంచి గుండీ జారింది. ఏదో చెప్పడానికే పెదవులు విప్పి ఉంటారు. నేను దాన్ని ఒకటి అని లెక్కేసుకున్నాను.

మా అమ్మాయికి చెప్పలేదు. నేను ఏదో వింటున్నానని మాత్రం దానికి తెలుసు. వినకమ్మా అంటుంది, ఫోన్ తీసి దాచదు.

శనివారం వచ్చింది. పరీక్షను రద్దు చేయాలన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు. తొమ్మిదిన్నరకు ఆయన ఫోన్ మోగింది, అరగంటలో పరీక్ష మొదలవుతుందని, గది సిద్ధం చేసుకోమని. గది సిద్ధంగానే ఉంది. వెళ్ళి పీట మీద, నా చోటులో కూర్చున్నాను. తలుపు దగ్గరగా వేశాను. పదిన్నరకు ఇంకో సందేశం, అభ్యర్థి గైర్హాజరు అని.

అప్పుడు రికార్డు మొదటి నుంచి పెట్టాను. దెబ్బలన్నీ లెక్కపెట్టాను. అరవై ఒకటింట రెండే తప్పులు. యాభై ఎనిమిదో ప్రశ్నకు మూడు దెబ్బలు. నా భేష్. తరువాత అరవై, అరవై ఒకటి. అరవై రెండో ప్రశ్న చదువుతున్న నా గొంతు. ఖాళీ. ఆ ఖాళీలో, తలుపు అవతల, టక్.

"ఏమైందండీ?" అన్నాను.

పది సెకన్లు పూర్తయ్యాయి. గడప మీద ఫోన్లోంచి నా గొంతే, పాఠం చెప్పే గొంతు, జవాబిచ్చింది: "తప్పు. పరధ్యానం వద్దు. తరువాతి ప్రశ్న."