పొయ్యి లెక్క, తలుపు లెక్క

పోయిన వారం మా బాన్సువాడ విచారణకు కొత్తగా వచ్చిన ఫాదర్ గారు నన్ను తన గదికి పిలిచి, కంప్యూటరు పక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టారు. జర్మనీలో మాతో జంటగా ఉన్న మేత్రాసనం వారు పాత సంబంధాన్ని మళ్ళీ గట్టిపరుచుకుందామని ఒక పట్టిక పంపారట. ఊళ్ళెన్ని, గుళ్ళెన్ని, ఉపదేశులెందరు అని ఆయన అడుగుతూ, నేను చెబుతూ, ఒక్కో గడీ నింపుకుంటూ వచ్చి ‘మొత్తం కుటుంబాలు’ అన్న గడి దగ్గర ఆగాము. ఆయన చిన్నవాడు, మంచివాడు; సుమారుగా ఒక అంకె వేసేద్దాం అంకుల్ అన్నారు. ముప్పై ఏళ్ళు రైస్ మిల్లు దస్తరంలో బస్తాలు లెక్కపెట్టిన వాడిని, ఏడో తరగతి దాటకపోయినా కాగితం మీద తప్పు పోనివ్వని వాడిని, ఆ ఒక్క గడి ముందు తెల్లమొహం వేసి రేపు చెబుతానని లేచి వచ్చేశాను. ఆ రేపు ఇంకా రాలేదు.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఒక ఫాదర్ చూసుకునే ఊళ్ళన్నీ కలిపి విచారణ అనీ, బిషప్ గారి కింద ఉండే విచారణలన్నీ కలిపి మేత్రాసనం అనీ మనకు వేదపాఠాలు చెప్పే ఉపదేశి నేర్పించేవాడు. అలాంటి మేత్రాసనం సముద్రాలకు అవతల ఉన్న ఇంకో మేత్రాసనంతో చెయ్యి కలుపుతుందని మాత్రం మాకెవరూ చెప్పలేదు. పద్దెనిమిదేళ్ళ కిందట ఒక ఆదివారం పూజ అయ్యాక అప్పటి మా పెద్ద ఫాదర్ గారు ఆ సంగతి చెబితే బోరు వేయిస్తారా, బడి కట్టిస్తారా అని అందరం ఒకరి మొహాలొకరు చూసుకున్నాము. ఆయన రెండు చేతులూ అడ్డంగా ఊపి, ఇది ఇచ్చిపుచ్చుకునే సంబంధం కాదనీ, అక్కడి ఒక విచారణకూ ఇక్కడి ఒక విచారణకూ జంట కుదురుతుందనీ, అందులో అక్కడి ఒక్కో కుటుంబం ఇక్కడి ఒక్కో కుటుంబాన్ని రోజూ పేరు పేరునా తలుచుకుని ప్రార్థించాలనీ, మనమూ వారి కోసం అలాగే చెయ్యాలనీ వివరించారు. అప్పుడు మా బావ, అంటే మా ఆవిడ అన్న, లేచి నిలబడి, “వాళ్ళు మనకోసం మొక్కుతరంటే సమజైంది ఫాదర్, గని వాళ్ళకు అన్నీ ఉన్నయి గదా, మనం వాళ్ళకేం అడగాలె?” అన్నాడు. గుడంతా నవ్వింది. ఫాదర్ గారు కూడా నవ్వి, ఇక ఇళ్ళకు వెళ్ళమన్నారు.

వారి వైపు అరవై నాలుగు కుటుంబాలు పేర్లు ఇచ్చాయి. మా వైపు లెక్క తీసే పని నా మీద పడింది. ఎవరిని కుటుంబం అనాలి అని ఫాదర్ గారిని అడిగితే, అది నీకే బాగా తెలుసు కదా అన్నారు. నేను మిల్లు నుంచి ఒక పాత రిజిస్టరు తెచ్చుకుని, మా పెద్దలు ఇల్లు లెక్కపెట్టే తీరునే పట్టుకున్నాను: ఒక పొయ్యి మీద వండుకుని తినేవారంతా ఒక కుటుంబం. సైకిలు మీద బిచ్కుంద తోవలో ఉన్న ఊళ్ళూ, రుద్రూర్ వైపు ఊళ్ళూ ఆదివారాలు తిరిగాను. ఒక ఇంట్లో పందొమ్మిది మంది ఒకే పొయ్యి. ఇంకో ఇంట్లో అన్నదమ్ములకు మాటల్లేక ఒకే చూరు కింద రెండు పొయ్యిలు. అడిగేది మాత్రం ఒక్కటే, వంట ఎక్కడ అని. ఇది ఎంత సులువైన లెక్క అనుకుని ఆనాడు మురిసిపోయాను.

మొదటిసారి కూడితే అరవై ఆరు వచ్చింది. రెండోసారి చూస్తే ఒక కుటుంబం లారీల హోటల్లో పని దొరికి మద్నూర్ పోయింది, అరవై అయిదు. ఇంకొక్కటి తగ్గితే రెండు వైపులా సమానం. అప్పుడు నా కన్ను మా మేనత్త పేరు మీద పడింది.

మా అత్త అంటే మా నాన్న చెల్లెలు. మామ చనిపోయాక, పిల్లలు లేరు కనుక, పుట్టిల్లని బాన్సువాడ వచ్చి, బీడీలు చుట్టిన డబ్బుతో మా ఇంటికి ఎదురుగా సందు అవతల ఒక గది కట్టుకుంది. ఒక మంచం, ఒక చాట, గోడకు మరియమ్మ బొమ్మ, తలుపుకు తాళం. ఆ వానాకాలమే మా అమ్మ, ఒక్కదానికి పొయ్యెందుకు వదినా, దగ్గుతో ఆ పొగలో కూర్చోకు అని పట్టుబట్టి ఆమె చేత వంట మాన్పించింది. రెండు పూటలూ మా ఇంట్లోనే తినేది, పడుకునేది మాత్రం తన గదిలో. పొయ్యి లేదు కనుక నా నియమం ప్రకారం ఆమె కుటుంబం కాదు. గది వేరు కదా అని మొదట విడిగా రాసిన ఆమె గీత కొట్టేసి, మా ఇంటి వరుసలో ఎనిమిది పేర్ల కింద తొమ్మిదో పేరుగా రాశాను. అరవై నాలుగు, అరవై నాలుగు. నియమం ఉంది కాబట్టి కొట్టేశానా, సమానం కావాలి కాబట్టి నియమాన్ని గుర్తు చేసుకున్నానా అన్నది నాకు ఇవాళ్టికీ తేలలేదు.

మూడు నెలలకు అక్కడి నుంచి కార్డులు వచ్చాయి. ఒక్కో కార్డు మీద వారి గుడి బొమ్మ, కింద ఒక కుటుంబం పేరు. పూజ అయ్యాక ఫాదర్ గారు నా రిజిస్టరు చూసి ఒక్కొక్కరినే పిలిచి ఇచ్చారు. మా అత్త ఉతికిన చీర కట్టుకుని ముందు చాప మీద కూర్చుంది. పేర్లన్నీ అయిపోయాయి, జనం లేచారు, ఆమె అలాగే కూర్చుని ఉంది. ఇంటికి వచ్చాక మా కార్డు ఆమె చేతిలో పెట్టి, ఇది నీది కూడా అత్తా, నువ్వు మా లెక్కలోనే ఉన్నావు అన్నాను. ఆమె ఆ కార్డు తిప్పి తిప్పి చూసి నాకే ఇచ్చేసింది.

“మీ కాడ రెండు పూటలు తింటున్న అల్లుడా, కాదంటలే. గని నా ఇంటికి నేను తాళమేసుకుంటున్న. తాళమున్న ఇల్లు ఇల్లు కాదా? నా ఇంటి పేరుమీద మొక్కేటోళ్ళు గా దేశంల గూడ లేరన్నట్టు.”

మరునాడు పొద్దున ఆమె అన్నానికి రాలేదు. సందులోకి చూస్తే తన గది ముందు మూడు రాళ్ళు పెట్టి, తడి కట్టెలు ఊదుతూ, దగ్గుతూ, గిన్నె ఎక్కించి ఉంది. పొయ్యి ఉంటేనే ఇల్లు అన్నది కదా నా నియమం; ఆమె పొయ్యి పెట్టింది. ఇక నేను రాయకుండా ఎలా ఉండగలను? రిజిస్టరు పట్టుకుని ఫాదర్ గారి దగ్గరికి పరుగెత్తాను. ఆయన జాలిగా విని, అవతల అరవై నాలుగే ఉన్నాయి కదా, ఎవరైనా కొత్తవారు చేరేదాకా ఆగమన్నారు. అలా ఆగడంలో నాలుగు నెలలు గడిచాయి. పొగాకు దుమ్ముకు తోడు పొగ కలిసి ఆమె దగ్గు సందు చివరిదాకా వినిపించేది. మా అమ్మ నాతో మాట్లాడడం మానేసి, కూరలో ఉప్పు తక్కువైనా మా ఆవిడతో చెప్పించేది. దవాఖానకు తీసుకుపోతానంటే అత్త రానంది. జంటల పేర్లు శుభ్రంగా ఎత్తిరాసిన నా కాగితం మాత్రం ఒక్క కొట్టివేత కూడా కనిపించకుండా నున్నగా ఉంది.

చలికాలంలో యాసంగి నాట్లు పడుతున్న రోజుల్లో జర్మనీ నుంచి అతిథులు వచ్చారు. ఎవరి జంట ఇంటికి వారు వెళ్ళి పలకరించాలని ఏర్పాటు. మా కార్డు మీద ఉన్నది కుటుంబం పేరు కనుక భార్యాభర్తలు, పిల్లలు వస్తారని మా ఆవిడ ఆరు స్టీలు పళ్ళేలు కడిగి బోర్లించింది. ఫాదర్ గారి వెంట ఒక్క ముసలావిడ వచ్చింది. పొట్టి జుట్టు, చేతికర్ర, మోకాళ్ళ నొప్పి. మేము కూర్చోమనడం మరిచి ఆమె వెనక్కి చూస్తూ నిలబడ్డాము. మా అమ్మ ఫాదర్ గారిని, “మిగతోళ్ళు జీపుల ఉన్నరా?” అని అడిగింది. ఆయన ఆమెతో మాట్లాడి, మా వైపు తిరిగి, ఇంకెవరూ లేరు, భర్త పోయాడు, పిల్లలు లేరు, ఈమే ఆ కుటుంబం అన్నారు.

నాకేమీ అర్థం కాలేదు. వారి జాబితా ఒకసారి చూపించమని అడిగాను. ప్రతి పేరు ఎదురుగా ఇంట్లో ఎంతమందో రాసి ఉంది: ఒకటి, రెండు, ఒకటి, ఒకటి, మూడు. నిలబడే లెక్కపెట్టాను. అరవై నాలుగింటిలో ఇరవై ఏడు ఒంటరి ఇళ్ళు. అంతా కలిపి నూట పద్దెనిమిది మంది. మా అరవై నాలుగు పొయ్యిల దగ్గర మూడు వందల తొంభై ఒక్కరు. వారిది తలుపు లెక్క, మాది పొయ్యి లెక్క. పైన మొత్తాలు రెండూ ఒకటే, కింద ఏదీ ఒకటి కాదు. మిల్లులో ఇలా కిలోల సంచిని క్వింటాలు బస్తాతో జత చేసి ఉంటే సేటు నన్ను ఆ పూటే పంపించేవాడు.

ఆ ముసలావిడ మాత్రం చీటీ చూడకుండా మా పేర్లు వరుసగా చెప్పడం మొదలుపెట్టింది. రోజూ పొద్దున చదువుతుందట. పేరుకు పలికిన వారి మొహం చూసి తల ఊపుతూ ఎనిమిది మందినీ గుర్తుపట్టి, తొమ్మిదో పేరు దగ్గర ఆగి, ఈమె ఎవరు అని అడిగింది. సందు అవతల నుంచి దగ్గు వినిపించింది. ఎవరూ చూపించకముందే ఆమె కర్ర తీసుకుని అటు నడిచింది.

వెనకాల మేము వెళ్ళేసరికి ఇద్దరూ మంచం మీద పక్కపక్కన కూర్చుని ఉన్నారు. ఆమె ఒక్క పళ్ళేన్నీ, ఒక్క గ్లాసునూ, తలుపుకు వేలాడే తాళాన్నీ చూసి ఏదో అంది. ఫాదర్ గారు దాన్ని మాకు చెప్పారు: మా ఊళ్ళో నా ఇల్లు కూడా ఇంతే. ఇన్ని నెలలుగా ఆమె పొద్దున చదివే పేర్లలో తన పేరూ ఉందని విని అత్త కాసేపు చాట మీది ఆకులు సర్దింది. తర్వాత నా వైపు చూసి, “ఈమె లెక్క నాకు సమజైతుంది అల్లుడా. నీ లెక్కనే తెల్వది” అంది.

ఆ సాయంత్రం రిజిస్టరులో మా ఇంటి గీత కొట్టేసి, అదే వరుసలో అత్త పేరు ఒక్కటే రాశాను. మొత్తం అరవై నాలుగే. మా ఎనిమిది మందికి జంట లేకుండా పోయిందని మా ఆవిడ గొణిగింది. మీ ఎనిమిది మంది కోసం నేనే మొక్కుత తియ్యి అని అత్త నవ్వి, మూడు రాళ్ళూ గోడ పక్కకు జరిపి, రాత్రి మా ఇంట్లో అన్నానికి వచ్చింది. మా అమ్మ మొదట ఆమెకే వడ్డించింది.

ఆరేళ్ళు అలా నడిచింది. పండుగలకు అటు నుంచి ఒక కార్డు, ఇటు నుంచి నా చేతిరాతతో ఒకటి. ఆ తర్వాత ఒక ఉత్తరంలో ఆ ముసలావిడ చనిపోయిందనీ, మీ అత్తకు ఇంకో కుటుంబాన్ని కుదర్చమంటారా అనీ రాశారు. మూడు రోజులు ఆ కాగితం జేబులో పెట్టుకుని తిరిగి, నాలుగోనాడు చెప్పాను. అత్త చేతిలోని బీడీకి దారం చుట్టడం పూర్తి చేసింది.

“వేరేటోళ్ళు ఎందుకు? చచ్చినోళ్ళ కోసం మొక్కద్దని ఏడన్న ఉన్నదా? ఆమెకు మాత్రం ఇంకెవరున్నరు. పేరు కొట్టెయ్యకు.”

కొట్టెయ్యలేదు. వారి కాగితంలో అరవై మూడు, నా కాగితంలో అరవై నాలుగు. జీవితంలో మొదటిసారి ఒక లెక్క కుదరకుండా వదిలేసి, రిజిస్టరు మూసి పడుకుంటే నిద్ర పట్టింది. అత్త తాను పోయేదాకా, ఇంకో అయిదేళ్ళు, ఆ పేరుతోనే పొద్దు మొదలుపెట్టేది. ఆ ముసలావిడ మోకాళ్ళ నొప్పి తగ్గాలని కూడా అడుగుతుండేది, చనిపోయినవారికి నొప్పులుండవని నేను చెప్పబోయి ఊరుకున్నాను.

ఇప్పుడు మా తమ్ముడిది వేరే గ్యాసు పొయ్యి, నాది వేరే. మా ఒక్క ఇల్లే రెండు గీతలైంది. ఊళ్ళన్నిట్లో పొయ్యిలు అలాగే పెరిగాయి, మనుషులు మాత్రం అప్పటికంటే తక్కువ. అటువైపు మూడు విచారణలు కలిసి ఒకటైపోయాయట. ఇప్పుడు ఏడాదికి ఒకసారి వీడియో కాల్లో తెర మీద రెండు గుళ్ళూ కనిపిస్తాయి, వారు చేతులు ఊపుతారు, మనం చేతులు ఊపుతాము, అందరూ సంతోషంగానే ఉంటారు. ఎవరి పేరు ఎవరికి ఇచ్చారని ఈ కాలపు పిల్లలు అడగరు, మేమూ చెప్పము. నా లెక్క తప్పే కావచ్చు. కాని ఆ తప్పు లెక్కలో ఒక పేరుకు ఎదురుగా ఇంకో పేరు ఉండేది, తెల్లవారగానే ఎక్కడో ఒక మనిషి దాన్ని పైకి పలికేది. ఈ మధ్య పొద్దున మెలకువ వచ్చి కూడా లేవకుండా కాసేపు అలాగే పడుకుంటున్నాను, ఇప్పుడు నా పేరు ఎవరైనా పలుకుతున్నారేమోనని.