చిరుగు దగ్గర వినిపించిన గొంతు

మాట మధ్యలో తడుముకునే మనిషిని చూసి "చిరుగు దగ్గరున్నావన్నా!" అని మేలమాడటం ఎంత మామూలైపోయిందంటే, దాన్ని మొదట అన్న మనిషి ఒకరు ఉండి ఉంటారన్న ఆలోచనే ఎవరికీ రాదు. పాఠం మరిచిన పంతులుకీ, దిగాల్సినచోటు దాటించేసిన బస్సు డ్రైవరుకీ, కోర్టులో సెక్షను గుర్తురాక నీళ్లు నమిలే నాలాంటివాళ్లకీ ఆ మాట తగులుతూనే ఉంటుంది. అన్నది ఒక నూలు మిల్లు కార్మికురాలు. ఆమె పోయి చాలాకాలమైంది. ఆమె చెల్లెలు బతికే ఉంది. నేను రాస్తున్నది ఆ చెల్లెలి గురించి.

పెద్దాసుపత్రి లాండ్రీలో ఆమె ఇస్త్రీ పని చేస్తుంది. అందరికీ ఇస్త్రీ పిన్ని. కాలుతున్న రెండు రోలర్ల మధ్యకు తడి దుప్పటి అంచును సమంగా అందించడం ఆమె పని. అంచు వంకరపోతే దుప్పటంతా ముడతలు పడుతుంది, తొందరపడితే వేళ్లు లోపలికి పోతాయి. ఆమె వేలికొసలు ఏనాడో మొద్దుబారాయి. టీ గ్లాసు ఎంత కాలుతోందో ఆమెకు చేతితో తెలియదు, పెదవితో తెలుస్తుంది. ఒకసారి ఎవరో నర్సు మరక పోలేదంటూ దుప్పటి తిప్పి పంపితే, "నేను ఇస్త్రీ చేస్తాను తల్లీ, పాపాలు కడగను" అని మడత విప్పకుండానే వెనక్కి పంపింది. పక్క గదిలో ఉతికే యంత్రాలు చూసుకునే పెద్దాయనను అంతా బాబాయి అంటారు. పిన్ని, బాబాయి అనేసరికి కొత్తగా చేరినవాళ్లు ఇద్దరినీ దంపతులనుకుంటారు. "మా ఇద్దరికీ ఏ సంబంధమూ లేదు, మురికి దుప్పట్లు తప్ప" అని ఆయనే విసుక్కుంటూ చెబుతాడు.

తల్లి పోయాక పిన్నిని పెంచింది అక్క. పెంచే వయసు కాదు అక్కది కూడా. నూలు మిల్లులో చేరి, దూది దుమ్ములో నిలబడి, చెల్లెలికి జడవేసి బడికి పంపింది. మిల్లు యాజమాన్యం గేటుకు తాళం వేసిన సంవత్సరం, కార్మికులు తాళం పగలగొట్టి, లోపల భోజనశాలలోనే వంతులవారీగా బైఠాయించారు. వాళ్లకోసం పాటల అన్న వచ్చి పాడాడు. ఊళ్లు తిరిగి, తాను రాసిన పాటలు తానే కట్టి పాడే మనిషి. ఆ రోజు అక్కాచెల్లెళ్లు ఇద్దరూ వెళ్లాలనుకున్నారు. ఇద్దరికీ కలిపి ఉన్నది ఒకే చెప్పుల జత. దారంతా కంకర. అక్క వెళ్లింది, చెల్లెలు ఆగిపోయింది.

రేడియోలు బాగుచేసే కార్మికుడు ఒకడు ఆ కచేరీని రికార్డు చేశాడు. అదే తరువాత ఆల్బమ్‌గా, క్యాసెట్టుగా ఊరూరా పాకింది. ఒక మైకు అన్న ముందు పెట్టాడు. రెండోదాన్ని ఆడవాళ్ల బల్లలకు పైన, పంకా లేని కొక్కేనికి వేలాడదీశాడు. దాని కిందనే అక్క కూర్చుంది. ఐదో పాటలో ఈ చరణం ఉంది:

వడికినామే దూది కొండలు,
నేసినామే ఊరికంతా,
చిరుగు దాచను చెయ్యి చాలదు,
బట్ట నేసిన చెయ్యి మాదే.

రెండు పంక్తులు పాడి అన్న ఆగిపోయాడు. క్యాసెట్టులో ఆ మౌనం వినిపిస్తుంది. బల్ల కిర్రుమంటుంది, ఎవరో దగ్గుతారు. అప్పుడు ఒక ఆడగొంతు, దగ్గరగా, చిలిపిగా: "చిరుగు దగ్గరున్నావన్నా!" భోజనశాల భళ్లున నవ్వుతుంది. "బతికించావు చెల్లీ" అని అన్న పాట అందుకుంటాడు.

ఆ తరువాత అక్క ఎంతోకాలం బతకలేదు. చివరి రోజుల్లో ఒక్క వాక్యం పూర్తిచేయడానికి మధ్యలో రెండుసార్లు ఊపిరి కోసం వెతుక్కునేది. మిల్లు వైద్యుడు అది వంశపారంపర్యపు ఉబ్బసమని రాశాడు. వాళ్ల వంశంలో మరెవరికీ ఉబ్బసం లేదు. వాళ్ల వంశంలో మరెవరూ ఆ మిల్లులో పనిచేయలేదు. ఆ రెండు వాక్యాలను పక్కపక్కన పెట్టి చదివే అధికారి ఒక్కడూ లేకపోయాడు. అక్కకు ఫోటో కూడా లేదు. గుర్తింపు కార్డు మీద ఉన్నదాన్ని మిల్లు వెనక్కి తీసుకుంది. మిగిలింది క్యాసెట్టులో ఆ ఒక్క కేక. అందులో అక్క ఊపిరి తెగదు.

ఆ ఆల్బమ్ ఇన్నేళ్లు ఎందుకు నిలిచిందో వివరిస్తూ పండితులు చాలా రాశారు. పదాల సరళత అన్నారు, బాణీలోని తేట అన్నారు. అవే పాటలను అవే పదాలతో, అదే బాణీతో అన్న తరువాత స్టూడియోలో రెండుసార్లు పాడాడు. వాటిని ఎవరూ కొనలేదు, ఎవరూ పాడుకోలేదు. జనం కోరుకున్నది ఆ గదిని. పాట మరిచిన పాటగాడిని, గుర్తుచేసిన మనిషిని, పాటకీ పాటకీ మధ్య ఆగని ఆ దగ్గులను కోరుకున్నారు. ఇవాళ ఆ మిల్లు లేదు. దాని కాగితాల్లో జబ్బు లేదు. ఆ దుమ్ము మనుషుల్ని ఏం చేసిందో చెప్పే సాక్ష్యం ఎక్కడైనా ఉందంటే ఆ దగ్గుల్లోనే ఉంది.

ఆ సాక్ష్యాన్ని ఒక కంపెనీ శుభ్రం చేసింది. ఆల్బమ్‌ను కొత్త హంగులతో, స్వచ్ఛమైన ధ్వనితో మళ్లీ విడుదల చేసి, పాతదాన్ని ఫోన్లలో దొరక్కుండా తీసేసింది.

పిన్నికి ఆ సంగతి ఇస్త్రీ గదిలో తెలిసింది. బాబాయి ఫోనును అల్మారా మీద పెట్టి ఆ పాటలు పెట్టాడు. ఐదో పాట వచ్చింది. రెండో పంక్తి అయ్యాక అందరూ అలవాటుగా చేతులాపారు. పాట ఆగలేదు. చివర్లో అదే చరణం మళ్లీ వస్తుంది కదా, అక్కడి పంక్తిని తెచ్చి ఇక్కడ అతికారు.

"అదేంటి, ఆగలేదేం?" అన్నాడు బాబాయి.

"నీ వేలు తగిలి ముందుకు జరిగుంటుంది. మళ్లీ పెట్టు."

మళ్లీ పెట్టాడు. మళ్లీ ఆగలేదు.

"అయితే అన్నకి చివరికి పాట వచ్చేసిందన్నమాట!" అని నవ్వబోయి, బాబాయి పిన్ని మొహం చూసి ఫోను ఆపేశాడు. ఆ గొంతు ఎవరిదో ఆ గదిలో ఆయనొక్కడికే తెలుసు.

మర్నాడు ఆమె మా న్యాయ సహాయ కార్యాలయానికి వచ్చింది. పాత క్యాసెట్టు నా దగ్గరే ఉంది, దాన్ని ఫోనులోకి ఎక్కించి ఇస్తానన్నాను. ఆమె నన్ను జాలిగా చూసింది.

"ఇంట్లో వినడానికి కాదు లాయరమ్మా. ఇంట్లో దాచుకుంటే అది పోయినవాళ్ల వస్తువు. బజార్లో ఏ కొట్టు ముందో పోతుంటే వినిపిస్తుందే, అప్పుడు అక్క ఎవరితోనో మాట్లాడుతున్నట్టుంటుంది. నన్ను పట్టించుకోకుండా, తన ధోరణిలో తను. నాకు అది కావాలి."

నేను పిటిషను వేశాను. చట్టం ఏమంటుందో నాకు ముందే తెలుసు. పాట రాసినవాడికి హక్కుంది, పాడినవాడికి హక్కుంది, రికార్డు అమ్ముకునేవాడికి హక్కుంది. వినడానికి వచ్చి, పాటను బతికించిన మనిషికి ఏ హక్కూ లేదు. కంపెనీ తన జవాబులో అక్క మాటను "ప్రేక్షకుల రొద" అని పేర్కొంది. ఆ పదాన్ని కోర్టులో చదువుతున్నప్పుడు వాళ్ల న్యాయవాది గొంతులో ఏ తడబాటూ లేదు. న్యాయమూర్తి ఒక్క తలుపు మాత్రం తెరిచి ఉంచారు. రచయితా, గాయకుడూ అయిన మనిషి స్వయంగా పాత రూపమే కావాలని సమ్మతి తెలిపితే, కంపెనీ కాదనడానికి వీల్లేదన్నారు.

అందుకని పాటల అన్న ఇంటికి వెళ్లాం. దారిలో పిన్ని చీటికీ మాటికీ చెంగుతో మొహం తుడుచుకుంది. కంపెనీ ఆయనను మోసగించి ఉంటుందని నా నమ్మకం. ఏ వాదన ఎలా నడపాలో లోపల కట్టుకుంటూ నడిచాను.

ఆయన కిటికీ పక్కన పడక్కుర్చీలో ఉన్నాడు. కోడలు మమ్మల్ని కూర్చోబెట్టింది.

"పాట కావాలా, చందా కావాలా?" అన్నాడు ఆయన నవ్వుతూ.

"రెండూ వద్దన్నా. మా అక్క కావాలి" అంది పిన్ని.

సంగతంతా చెప్పింది.

"దాన్ని తీసెయ్యమన్నది కంపెనీవాడు కాదమ్మా, నేనే" అన్నాడు. "ఆ రోజు మరిచిపోతే నవ్వులాట. ఇప్పుడు మనవరాలిని పిలవబోయి నోరు తెరుచుకుని నిలబడిపోతున్నాను. మొన్నామధ్య వేదిక మీద పాట తప్పితే, 'ఈయనకిది అప్పట్నించీ ఉందిలే, క్యాసెట్టులో వినలేదూ' అన్నాడు ముందు వరసలో ఒకడు. అంతా నవ్వారు. ఆ నవ్వు వేరేనమ్మా. నేను పోయాక జనం ఆ పాట విని, ఇదిగో ఇక్కడే మొదలైంది అనుకుంటారేమోనని భయమేసింది."

"అక్క నిన్ను ఎగతాళి చెయ్యలేదన్నా."

"తెలుసు. అక్కడ ఒక ఆడగొంతు ఉందని గుర్తుంది. ఆ గొంతుకో మనిషి ఉంటుందని, ఆ మనిషికో చెల్లెలు ఉంటుందని తోచలేదు." కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. "కాగితం పట్టుకురండి. సంతకం పెడతాను."

తిరుగు దారిలో పిన్ని వేరుశనగలు కొని సగం నా చేతిలో పోసింది. "చూశావా, అడిగితే కాదనేవాడు కాదాయన" అని ఒకటే మాట తిప్పితిప్పి చెప్పింది. ఆమె అంత హాయిగా నడవడం అంతకుముందు నేను చూడలేదు, తరువాతా చూడలేదు.

కాగితం సిద్ధం చేసుకుని వారం తిరక్కుండా మళ్లీ వెళ్లాం.

"పాట కావాలా, చందా కావాలా?" అన్నాడు ఆయన, అదే నవ్వుతో.

పిన్ని నా వైపు చూసింది. కోడలు తలదించుకుంది. పిన్ని కుర్చీ దగ్గరికి లాక్కుని, మొదటిసారి చెబుతున్నట్టే అంతా మళ్లీ చెప్పింది. ఆయన అదే భయం చెప్పుకున్నాడు, అదేచోట కళ్లద్దాలు తుడుచుకున్నాడు, అంతే నిజాయితీగా ఒప్పుకున్నాడు. సంతకం చేతికి గుర్తుంది.

ఆ కాగితాన్ని కోర్టులో దాఖలు చేశాను. కంపెనీ ఒక వైద్యుడి ధ్రువపత్రంతో వచ్చింది. ఈయనకు సమ్మతి తెలిపే మానసిక సామర్థ్యం లేదని అందులో ఉంది. దాన్ని కంపెనీకి ఇచ్చింది కోడలే. "రేపు ఇంకెవరెవరు వచ్చి ఏమేం రాయించుకుంటారో నాకేం తెలుసండీ? మీరు మంచివాళ్లే కావచ్చు" అంది వరండాలో నాతో. ఆమెను తప్పుపట్టలేకపోయాను. నా కోపం అక్కడ నిలవలేక చట్టం మీదికి పోయింది. గొంతును తుడిచెయ్యమని ఆయన పెట్టిన సంతకం చెల్లుతుంది, అప్పటికి ఏ వైద్యుడూ పరీక్షించలేదు కనుక. తిరిగి పెట్టమన్న సంతకం చెల్లదు, ఇప్పుడు పరీక్షించాడు కనుక. మతిమరుపు భయంతో చేసిన పని శాశ్వతం. మనసు కరిగి చేసిన పని మతిమరుపు. ఇంత పకడ్బందీగా అన్యాయం చేయగల పనిముట్టును నేను ఐదేళ్లు కూర్చుని చదువుకున్నాను.

ఒక్క దారి మిగిలింది. అన్నను కోర్టుకు పిలిపించాలి. ఏ రోజు, ఏ నెల, ఎదురుగా ఉన్నది ఎవరు, ఈ కాగితంలో ఏముంది అని అందరి ముందూ ప్రశ్నించాలి. ఆ క్షణానికి ఆయన తెలివిగా జవాబు చెబితే సంతకం నిలబడవచ్చు. మంచి రోజు చూసి రప్పించవచ్చు. పిన్నికి ఇదంతా ఇస్త్రీ గది గుమ్మంలో నిలబడి వివరించాను. ఆమె దుప్పటి అంచు అందిస్తూనే వింది.

"గుర్తురాకపోతే?"

"ఓడిపోతాం. కానీ పిన్నీ, వచ్చే అవకాశం..."

"అది కాదమ్మా. గుర్తురాకపోతే ఆయన అక్కడ అలా నిలబడతాడు కదా. అంతమందిలో."

"నిలబడతాడు."

రోలర్లలోంచి దుప్పటి అవతలికి వెళ్లిపోయింది. ఆమె ఇంకోటి అందుకోలేదు.

"వద్దు" అంది.

"మీ అక్క గొంతు ఇక ఏ బజార్లోనూ వినిపించదు పిన్నీ. ఇది వదిలేస్తే ఇంకేమీ లేదు. నేను అబద్ధం చెప్పలేను."

"నువ్వు చెప్పక్కర్లేదు. నాకు తెలుస్తూనే ఉంది."

బాబాయి యంత్రం ఆపి గుమ్మం దాకా వచ్చాడు. చేతిలోని తడి గుడ్డను అటూ ఇటూ మార్చుకున్నాడు. రోలర్లు ఖాళీగా తిరుగుతున్నాయి.

పిటిషను వెనక్కి తీసుకునే కాగితం మీద ఆమె అక్కడే, దుప్పట్ల బల్ల మీద సంతకం పెట్టింది. మొద్దుబారిన వేళ్లలో కలం నిలవక రెండుసార్లు జారింది.

"ఎందుకు మానుకున్నామో రాయాలా?" అని అడిగింది.

"రాయక్కర్లేదు."

"అయితే రాయొద్దు" అని, ఆమె తరువాతి దుప్పటి అంచు వెతుక్కుంది.